గోల్కొండ ముహాసరాలో ఆకలి ఎవరిది?

మన తెలుగులో ‘సరఫరా’ అనే మాట అందరి నోటా నలుగుతుంది. నీటి సరఫరా, కరెంటు సరఫరా, పౌరసరఫరాల శాఖ. ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో చాలామందికి ఖయాల్ ఉండదు. ఫార్సీలోని ‘సర్‌బరాహ్’ అది. అందులో ఉన్న ‘రాహ్’ అంటే దారి. లాహోర్ ఉర్దూలోనో లక్నో ఉర్దూలోనో సర్‌బరాహ్ అంటే పెద్ద, నాయకుడు. సప్లైని వాళ్లు ‘ఫరాహమీ’ అంటారు. మన హైదరాబాద్ ఉర్దూ అఖ్బారుల్లో మాత్రం ఈనాటికీ ‘బర్ఖీ సర్‌బరాహీ’ అంటే కరెంటు సరఫరాయే. ఫౌజుకు చేరే సరఫరాకు ఇంకో లఫ్జ్ ఉంది, రసద్. రసద్ నడిచే రాస్తా తెగితే ఎంత పెద్ద బాదుషా అయినా ఏమవుతాడో చూడాలంటే దూరం వెళ్లక్కర్లేదు, గోల్కొండ ఖిలా చాలు.

గోల్కొండ ఎలా పడిందని ఎవర్నడిగినా ఒకటే జవాబు. గద్దారీ. అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దార్ రాత్రివేళ ఖిడ్కీ దర్వాజా తెరిచాడు, మొఘలులు లోపలికి వచ్చారు, అబ్దుర్రజాక్ లారీ ఒళ్లంతా గాయాలతో ఆఖరిదాకా పోరాడాడు. ఇదంతా సచ్ బాతే, కాదనను. కానీ ఇది ఒక్క రాత్రి కథ. దానికి ముందు నడిచిన ఎనిమిది నెలల ముహాసరాలో ఆకలితో చచ్చింది ఎవరు? లోపలున్నవాళ్లా, బయటున్నవాళ్లా?

ముహాసరా అనగానే లోపలివాళ్లు అన్నం లేక అల్లాడుతుంటారని, బయటివాళ్లు నింపాదిగా కూచుంటారని అనుకుంటాం. 1687లో గోల్కొండ దగ్గర జరిగింది దాదాపు ఉల్టా. ఖిలా లోపల అబుల్ హసన్ తానాషా ముందే ఘల్లా నింపి పెట్టుకున్నాడు. బయట ఆలంగీర్ ఔరంగజేబు ఫౌజు మాత్రం వేలాది గుర్రాలు, ఏనుగులు, తోపుల బండ్లు, బజార్లతో ఒక కదిలే షహర్. దానికి రోజూ మేత కావాలి, గింజ కావాలి. ఆ యేడు వానలు సరిగా పడక జొన్న, సజ్జ పండలేదు. జంగ్ వల్ల హైదరాబాద్ చుట్టుపక్కల వరి కూడా దెబ్బతింది. వచ్చే కాస్త ధాన్యాన్నీ దక్కనీ సవార్లు, శంభాజీ మనుషులు దారిలోనే కొట్టేశారు. తీరా వాన వచ్చాక కుండపోతగా కురిసింది. మంజీర పొంగి ఉత్తరాది రాస్తా మూసుకుపోయింది. ఎండాకాలం గింజ లేదు, వానాకాలం దారి లేదు.

ఆలంగీర్‌కు ఈ ముసీబత్ కొత్తది కాదు. రెండేళ్ల కిందట బీజాపూర్ ముహాసరాలో ఆయన కొడుకు షాహ్‌జాదా ఆజమ్ లష్కర్ ఇలాగే చిక్కుకుంది. వెనక్కి వచ్చేయమని హుకుం వచ్చినా ఆజమ్ కదలనన్నాడు. అప్పుడు ఘాజీయుద్దీన్ ఖాన్ ఫిరోజ్ జంగ్ ధాన్యం తోలుకుని దారి పొడుగునా కొట్లాడుతూ వెళ్లి చేరాడు. (ఈ ఫిరోజ్ జంగ్ కొడుకే తర్వాత మన ఆసఫ్ జా, మొదటి నిజాం. తండ్రి ఖిలిచ్ ఖాన్ గోల్కొండ దగ్గరే తోప్ గుండు తగిలి చచ్చిపోయాడు.) అదే మొహీమ్‌లో బేడర్ల నాయకుడు పామ్ నాయక్ బీజాపూర్‌కు ఆరు వేల మంది ప్యాదాలను పంపాడు. ఒక్కొక్కరి నెత్తి మీద ఒక్కో ధాన్యపు మూట. ఫిరోజ్ జంగ్ వాళ్లను దారిలోనే పట్టుకుని తుడిచిపెట్టేశాడు. ఒకే ఇలాఖాలో ఒకరి రసద్ చేరింది, ఇంకొకరిది చేరలేదు. బీజాపూర్ తఖ్దీర్ చాలావరకు అక్కడే తేలిపోయిందని నా ఖయాల్.

ఇక గోల్కొండలో జరిగిన ఒక వాఖియా ఖాఫీ ఖాన్ తారీఖ్‌లో ఉంది. మన పాఠ్యపుస్తకాల్లోకి ఇది ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు. లోపలివాళ్లు ఒక రాత్రి బయటికొచ్చి మొఘల్ మోర్చాల మీద పడి కొందరు పెద్ద అఫ్సర్లను పట్టుకుపోయారు. వాళ్లలో ఒకతని ఖితాబు సర్‌బరాహ్ ఖాన్. చూడండి, పేరే అది! తానాషా వాళ్లను చంపలేదు. ఇజ్జత్‌తో చూసి, తన ఘల్లా గోదాములు, ఖజానా తిప్పి చూపించి, బాదుషాకు పైగామ్ ఇచ్చి వెనక్కి పంపాడు. సారాంశం ఇది: ముహాసరా ఎత్తేయండి, డబ్బిస్తాను. మీ లష్కర్‌లో మనుషులు ఆకలితో చస్తున్నారట, 5, 6 లక్షల మణుగుల ధాన్యం పంపిస్తాను.

ముట్టడిలో ఉన్నవాడు ముట్టడించినవాడికి అన్నం పెడతాననడం! దీన్ని తానాషా దర్యాదిల్ అనేవాళ్లున్నారు, వెక్కిరింత అనేవాళ్లూ ఉన్నారు. నాకైతే ఇది హిసాబు తెలిసినవాడి మాటలా కనిపిస్తుంది. తన గోదాముల లెక్క, అవతలివాడి ఆకలి లెక్క రెండూ అతనికి తెలుసు. ఆలంగీర్ ఒప్పుకోలేదు. చేతులు కట్టుకుని వచ్చి లొంగిపొమ్మన్నాడు. ఖిలా చుట్టూ మట్టితో, కొయ్యతో గోడ కట్టించి, పర్వానా లేకుండా పిట్ట కూడా లోపలికి పోకుండా చేశాడు. సల్తనత్‌ను కలిపేసుకున్నట్టు ఎలాన్ చేసి జిల్లాలకు తన ఆమిళ్లను వేశాడు. అంటే పల్లెల్లో గింజ కొలిచే చెయ్యి మారిపోయింది. ఇక లోపలున్న గోదాములు తరగడమే తప్ప నిండవు. సెప్టెంబర్ 21 తెల్లవారుజామున పన్నీ తలుపు తీసేనాటికి లోపలి సర్దార్లలో ఎక్కువమంది అప్పటికే అవతలికి వెళ్లిపోయారు. అలాంటి ఖిలాలో వఫాదారీ ఎన్నాళ్లు నిలుస్తుంది?

బయట గోడల్లేని రియాయా సంగతి మాత్రం ఖిలాలో తానాషాకూ పట్టలేదు, డేరాలో ఆలంగీర్‌కూ పట్టలేదు. హైదరాబాద్ షహర్ ఇళ్లలో, మూసీ ఒడ్డున, మైదానంలో శవాలు పేరుకుపోయాయని తారీఖులు చెబుతున్నాయి. ఖహత్, వెంట వబా. దర్వాజా తెరిచినవాణ్ణి మూడు వందల ఏళ్లుగా తిడుతున్నాం. ఈ మౌతులకు హిసాబు అడిగినవాళ్లు తక్కువ.

ఇంతకీ ఈ రసద్‌ను మోసేదెవరు? దక్కన్‌లో, హిందుస్తాన్‌లో ఏ ఫౌజు నడిచినా దాని వెనక బంజారాల ఎద్దులు ఉండాల్సిందే. పీటర్ మండీ అనే ఇంగ్లీషువాడు 1632లో ఆగ్రా, పట్నా దారిలో ఒకే తండాలో పధ్నాలుగు వేల ఎద్దులను చూశానని రాశాడు. అన్నిటి మీదా ధాన్యమే. రోజుకు ఆరేడు మైళ్లకు మించి నడవరు. ఎద్దులు మేస్తూ నడవాలి కదా. అందుకే ఈ రాస్తా అంటే మట్టి బాట ఒక్కటే కాదు, గడ్డి, చెరువు ఉన్న ఒక పట్టీ. పోయేది ధాన్యంతో, వచ్చేది సముద్రం ఉప్పుతో. లంబాడీ అన్న పేరు ‘లవణ్’ నుంచి వచ్చిందనేవాళ్లున్నారు. ఇరుపక్షాల ఫౌజులూ వీళ్ల జోలికి పోయేవి కావు. ఈరోజు దుష్మన్‌కు గింజ అమ్మినవాడే రేపు మనకు అమ్మాలి మరి.

1791లో కార్న్‌వాలిస్ శ్రీరంగపట్నం దాకా వెళ్లి, జంగ్ గెలిచి కూడా, ఎద్దులు చచ్చి, గింజ అయిపోయి పెద్ద తోపులను తానే పగలగొట్టుకుని వెనక్కి మళ్లాడు. మరుసటి సాల్ తిరిగి వచ్చినప్పుడు బంజారాలను వెంటపెట్టుకుని, రాస్తా భద్రం చేసుకుని వచ్చాడు. టిప్పు సగం ముల్క్ వదులుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత రైలు వచ్చింది. 1874లో వాడీ నుంచి సికింద్రాబాద్‌కు పట్టాలు పడ్డాయి. ఎద్దుల మీద ఉప్పు మోసేవాడికి పని పోయింది. అంతకు మూడేళ్ల ముందే, 1871లో, అంగ్రేజులు తెచ్చిన నేరస్త తెగల కానూను తిరిగే కౌమ్‌లన్నిటినీ దొంగల్లా చూడటం మొదలుపెట్టింది. నిన్నటిదాకా ఫౌజులకు అన్నం మోసినవాళ్ల సంచారమే జుర్మ్ అయింది. బంజారాలు ఎక్కడికక్కడ ఆగి, అడవి పక్కన గుడిసెలు వేసుకున్నారు. తండా అంటే అసలు మతలబ్ నడిచే కాఫిలా. 2018 కానూనుతో తెలంగాణలో ఎన్నో తండాలు గ్రామపంచాయతీలయ్యాయి.