వాకింగ్ హార్స్ ప్రదర్శనలు, సోరింగ్ నిషేధం

టెన్నెసీ వాకింగ్ హార్స్ ప్రదర్శన రంగానికీ అమెరికా ఫెడరల్ ప్రభుత్వానికీ మధ్య 1970 నుంచి నడుస్తున్న వివాదానికి మూలం సోరింగ్. గుర్రం ముందుకాళ్లకు కావాలని నొప్పి కలిగించి, ఆ బాధకు అది కాళ్లను అతిగా ఎత్తి వేసేలా చేయడాన్ని సోరింగ్ అంటారు. 1970 నాటి గుర్రాల రక్షణ చట్టం దీన్ని నిషేధించింది. సోరింగ్ సరైనదేనని ప్రదర్శన రంగం సంఘాలు బహిరంగంగా వాదించవు. తనిఖీ ఎవరు చేయాలి, నొప్పిని ఎలా రుజువు చేయాలి, గుర్రం కాళ్లకు ఏ పరికరాలను అనుమతించాలి అనే మూడు ప్రశ్నల మీదే వాటి పోరాటమంతా సాగింది. ఈ పోరాటం వల్ల నిషేధం పుస్తకాల్లో చెక్కుచెదరకుండా ఉన్నా, అమలు మాత్రం దశాబ్దాల పాటు బలహీనంగానే మిగిలింది.

జాతి, నడక

ఈ జాతి 19వ శతాబ్దంలో టెన్నెసీ రాష్ట్రపు మధ్య ప్రాంతంలో రూపుదిద్దుకుంది. పెద్ద పెద్ద వ్యవసాయ క్షేత్రాలను రోజంతా గుర్రం మీద తిరిగి చూసుకునేవారికి కుదుపు లేని సవారీ కావలసి వచ్చింది. ఈ గుర్రం సహజంగా నడిచే ‘రన్నింగ్ వాక్’లో వెనక గిట్ట ముందు గిట్ట వేసిన అడుగును దాటి పడుతుంది. తల లయగా ఊగుతుంది. మీద కూర్చున్నవారికి ఒళ్లు అదరదు. 1935లో లూయిస్‌బర్గ్‌లో ఈ జాతి వంశావళిని నమోదు చేసే సంఘం ఏర్పడింది. 1939లో షెల్బీవిల్‌లో నేషనల్ సెలబ్రేషన్ పేరిట వార్షిక ప్రదర్శన మొదలైంది. ఏటా వేసవి చివర 11 రోజులు జరిగే ఈ ప్రదర్శనలో ‘వరల్డ్ గ్రాండ్ చాంపియన్’ బిరుదు అన్నిటికన్నా పెద్దది. ఆ బిరుదు పొందిన గుర్రం విలువ, దాన్ని సంతానోత్పత్తికి వాడుకునే ధర అమాంతం పెరుగుతాయి.

1950ల నుంచి న్యాయనిర్ణేతలు సహజ నడక కన్నా అతిశయించిన నడకకు బహుమతులు ఇవ్వసాగారు. ముందుకాళ్లు ఛాతీ ఎత్తుకు లేవాలి, బరువంతా కిందికి వంగిన వెనక కాళ్ల మీద ఉండాలి. దీనికి ‘బిగ్ లిక్’ అని పేరు. ఓపికతో చేసే శిక్షణకు చాలా కాలం పడుతుంది. నొప్పితో అదే ఫలితం త్వరగా వచ్చేస్తుంది. సోరింగ్ వ్యాపించడానికి ఈ తేడాయే కారణం.

సోరింగ్ చేసే తీరు

గిట్టకు సరిగ్గా పైన ఉండే సన్నని కాలిభాగానికి ఘాటైన ఆవనూనె, డీజిల్, కిరోసిన్ లాంటివి పూస్తారు. మందు చర్మంలోకి ఇంకేలా ప్లాస్టిక్ చుట్టి, దాని మీద గుడ్డ కట్టి ఉంచుతారు. చర్మం కాలి పచ్చిపుండులా మారిన చోట గొలుసు తగిలిస్తారు. అడుగు వేసినప్పుడల్లా గొలుసు అక్కడే కొట్టుకుంటుంది. గుర్రం ఆ దెబ్బ తప్పించుకోవడానికి కాలు పైకి లాగేసుకుంటుంది. రెండో పద్ధతిలో గిట్ట అడుగును బాధ పుట్టేంత వరకు చెక్కేస్తారు, లేదా లాడానికీ గిట్టకూ మధ్య గట్టి వస్తువు ఇరికిస్తారు. గిట్ట కింద పొరలు పొరలుగా పేర్చి లోహపు పట్టీతో బిగించే ఎత్తైన ప్యాడ్లు ఇలాంటి వాటిని దాచడానికి అనువుగా ఉంటాయి.

తనిఖీని తప్పించుకునే పద్ధతులు కూడా పుట్టుకొచ్చాయి. తనిఖీ చేసేవారు గుర్రాన్ని నడిపించి చూస్తారు, తర్వాత ఒక్కో కాలిని చేతిలోకి తీసుకుని బొటనవేలితో చర్మాన్ని నొక్కుతారు. గుర్రం కాలు లాక్కుంటే నొప్పి ఉన్నట్టు లెక్క. అందుకని కొందరు శిక్షకులు శాలలోనే ఉత్తుత్తి తనిఖీలు జరుపుతారు. నొక్కినప్పుడు కదిలితే గుర్రాన్ని కొడతారు. దాంతో కాలిలో ఎంత మంట ఉన్నా కదలకుండా నిలబడటం దానికి అలవాటవుతుంది. మరికొందరు తనిఖీ సమయానికి పనిచేసేలా తిమ్మిరి మందు పూస్తారు. నొప్పిని నోటితో చెప్పుకోలేని జంతువుకు ఉన్న ఒకే ఒక సాక్ష్యం కాలు వెనక్కి లాక్కోవడం. ఈ పద్ధతులు దాన్ని కూడా చెరిపేస్తాయి.

చట్టం, సవరణ

మేరీల్యాండ్ సెనేటర్ జోసెఫ్ టైడింగ్స్ చొరవతో వచ్చిన గుర్రాల రక్షణ చట్టంపై అధ్యక్షుడు నిక్సన్ 1970 డిసెంబర్‌లో సంతకం చేశారు. సోరింగ్‌కు గురైన గుర్రాన్ని ప్రదర్శించడం, అమ్మడం, వేలం వేయడం నేరాలయ్యాయి. అయితే నడకను మార్చే ఉద్దేశంతోనే నొప్పి కలిగించారని రుజువు చేయవలసి రావడంతో కేసులు నిలబడటం కష్టమైంది. 1976 సవరణ ఆ నిబంధనను తొలగించింది. రెండు ముందుకాళ్లలో గానీ, రెండు వెనక కాళ్లలో గానీ అసహజమైన సున్నితత్వం కనబడితే సోరింగ్ జరిగినట్టే భావించాలని చెప్పింది. తెలిసి చేసిన నేరానికి 3,000 డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు విధించే వీలు కల్పించింది.

అదే సవరణ రెండు బలహీనతలను కూడా తెచ్చింది. అమలుకు ఏటా కేటాయించగల నిధిని 5 లక్షల డాలర్లకు పరిమితం చేసింది. ఇంత తక్కువ డబ్బుతో ప్రభుత్వ పశువైద్యులు కొద్దిపాటి ప్రదర్శనలకే వెళ్లగలిగారు. రెండోది, ప్రదర్శన నిర్వాహకులు తామే తనిఖీదారులను నియమించుకునే ఏర్పాటు. ఈ తనిఖీదారులకు శిక్షణ, గుర్తింపు, జీతం పరిశ్రమ సంఘాల ద్వారానే అందేవి. వారిలో గుర్రాల యజమానులు, శిక్షకులు కూడా ఉండేవారు. ఈ వారం ఇతరుల గుర్రాన్ని అనర్హం చేసిన వ్యక్తి వచ్చే వారం తన గుర్రాన్ని వారి ముందుకే తీసుకురావలసి ఉంటుంది.

బయటపడిన వైఫల్యం

2006లో నేషనల్ సెలబ్రేషన్‌కు ప్రభుత్వ పశువైద్యులు వచ్చి గట్టిగా తనిఖీ చేశారు. ఆఖరి పోటీకి చేరిన 10 గుర్రాల్లో 7 అనర్హమయ్యాయి. ప్రదర్శన చరిత్రలో మొదటిసారి ఆ ఏడాది వరల్డ్ గ్రాండ్ చాంపియన్ బిరుదు ఎవరికీ దక్కలేదు. పరిశ్రమలో చాలామంది దీన్ని అధికారుల దౌర్జన్యంగా చూశారు.

2010లో, ఈ చట్టాన్ని అమలు చేసే వ్యవసాయ శాఖ సొంత తనిఖీ విభాగం చేసిన ఆడిట్ ఆ వాదనకు భిన్నమైన చిత్రాన్ని చూపింది. పరిశ్రమ నియమించిన తనిఖీదారులకు స్వప్రయోజనాల చిక్కు ఉందని, ప్రభుత్వ వైద్యులు పక్కన ఉన్నప్పుడు ఎక్కువ ఉల్లంఘనలు నమోదు చేస్తున్నారని తేల్చింది. ఈ ఏర్పాటును రద్దు చేయాలని సిఫారసు చేసింది. 2012లో ఒక జంతు సంరక్షణ సంస్థ రహస్యంగా చిత్రీకరించిన వీడియో జాతీయ టెలివిజన్‌లో ప్రసారమైంది. టెన్నెసీలోని ఒక శాలలో గుర్రాల కాళ్లకు రసాయనం పూయడం, వాటిని కొట్టడం దేశమంతా చూసింది. ఆ శాల శిక్షకుడు నేరం ఒప్పుకున్నాడు. పెప్సీ సెలబ్రేషన్‌కు ఇస్తున్న ఆర్థిక మద్దతు ఉపసంహరించుకుంది.

పరిశ్రమ వాదనలు

కఠినమైన అమలును వ్యతిరేకించే సంఘాల వాదనలు ప్రధానంగా నాలుగు. వేలితో నొక్కి చూసే పద్ధతిలో ఒక తనిఖీదారు బాగుందన్న గుర్రాన్ని మరొకరు తప్పుపట్టవచ్చు కనుక నిష్పాక్షికమైన శాస్త్రీయ పరీక్ష కావాలన్నది మొదటిది. అనర్హం చేసే ముందు యజమానికి తన వాదన వినిపించే అవకాశం ఉండాలన్నది రెండోది. నిబంధనలు అనుమతించే 6 ఔన్సుల గొలుసు, అంటే సుమారు 170 గ్రాములది, తనంతట తాను గాయం చేయదు కనుక దాన్ని నిషేధించనక్కరలేదన్నది మూడోది. బిగ్ లిక్ పోటీలు ఆగిపోతే షెల్బీవిల్ లాంటి ఊళ్లలో హోటళ్లు, శాలలు, లాడాలు కొట్టేవారు, దాతృత్వ సంస్థలు నష్టపోతాయన్నది నాలుగోది.

వీటిలో మొదటి రెండింటినీ తేలిగ్గా తోసిపుచ్చలేం. శిక్షకుడి జీవనం ఒక వేలి నొక్కుడు మీద ఆధారపడినప్పుడు న్యాయమైన విధానం కోరడం సబబే. 2021లో నేషనల్ అకాడమీస్ నిపుణుల సంఘం కూడా తనిఖీ పద్ధతులను సమీక్షించింది. కానీ ఆ సంఘం సూచించిన పరిష్కారం తనిఖీని పరిశ్రమ చేతిలో ఉంచడం కాదు, శిక్షణ పొందిన పశువైద్యులకు అప్పగించడం. గొలుసు విషయంలో, మంట పుట్టిన చర్మం మీద బరువు తక్కువైనా బాధ తప్పదన్నది సంస్కరణవాదుల జవాబు. అమెరికా పశువైద్యుల సంఘం, అశ్వవైద్యుల సంఘం రెండూ 2012లో గొలుసులు, ప్యాడ్ల నిషేధాన్ని కోరాయి. ఊళ్ల ఆదాయం గురించిన ఆందోళన నిజమే. అయినా ఆ ఆదాయానికి సహజ నడక పోటీలు కూడా దారి చూపగలవు, గుర్రం బాధను అందుకు మూల్యంగా చెల్లించనక్కరలేదు.

కాంగ్రెస్‌లో, కోర్టుల్లో

గొలుసులు, ప్యాడ్లను నిషేధించి, పరిశ్రమ స్వీయ తనిఖీని రద్దు చేసే ‘పాస్ట్’ బిల్లు 2013లో తొలిసారి కాంగ్రెస్ ముందుకు వచ్చింది. కెంటకీ రిపబ్లికన్ ఎడ్ విట్‌ఫీల్డ్, టెన్నెసీ డెమోక్రాట్ స్టీవ్ కోయెన్ దాన్ని ప్రతిపాదించారు. అమెరికన్ హార్స్ కౌన్సిల్ లాంటి గుర్రాల పరిశ్రమ సంస్థలే దాన్ని సమర్థించడం గమనించదగ్గది. వ్యతిరేకత మొత్తం పరిశ్రమది కాదు, ప్రధానంగా బిగ్ లిక్ పోటీల చుట్టూ ఉన్న వర్గానిది. 2014లో టెన్నెసీ సభ్యులు మార్షా బ్లాక్‌బర్న్, లామార్ అలెగ్జాండర్ గొలుసులు, ప్యాడ్లను ఉండనిచ్చే ప్రత్యామ్నాయ బిల్లులు తెచ్చారు. పాస్ట్ బిల్లు ప్రతినిధుల సభలో 2019లో 333–96, 2022లో 304–111 ఓట్లతో గెలిచింది. రెండుసార్లూ సెనేట్‌లో ఆగిపోయింది.

వ్యవసాయ శాఖ నియమాలది కూడా ఇదే కథ. పరిశ్రమ సంఘాలు కనీస శిక్షలు తప్పనిసరిగా విధించాలన్న 2012 నియమాన్ని ఐదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2015లో కొట్టేసింది. 2017 జనవరిలో సిద్ధమైన కఠిన నియమం ప్రచురణ కాకముందే ప్రభుత్వం మారి, ఉపసంహరణకు గురైంది. ఆ ఉపసంహరణ చెల్లదని 2022లో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు తీర్పు ఇచ్చింది. 2024 మేలో శాఖ కొత్త నియమం ప్రకటించింది. వాకింగ్ హార్స్ పోటీల్లో గొలుసులు, ప్యాడ్లను అది నిషేధించింది. సెలబ్రేషన్ సంఘం టెక్సాస్‌లో దావా వేసింది. 2025 జనవరి 31న అక్కడి ఫెడరల్ న్యాయమూర్తి ఆ నియమంలోని ముఖ్య భాగాలను రద్దు చేశారు. చట్టం నిషేధించింది సోరింగ్ అయిన గుర్రాలనే తప్ప పరికరాలన్నిటినీ కాదని, అందుకు శాఖకు అధికారం లేదని తీర్పు సారాంశం. మిగిలిన భాగాల అమలును శాఖ వాయిదా వేసింది.

పందేల రంగంలో పోలిక

గుర్రప్పందేల్లో కూడా ఇదే తరహా ప్రతిఘటన వచ్చింది. మందుల వాడకం, ట్రాక్ భద్రతకు దేశమంతటా ఒకే నియమాలు తెచ్చే చట్టం 2020 డిసెంబర్‌లో ఆమోదం పొందింది. భద్రతా నియమాలు 2022 జూలైలో అమల్లోకి వచ్చాయి. యజమానులు, శిక్షకుల జాతీయ సంఘం దీన్ని కోర్టులో సవాలు చేసింది. ప్రభుత్వాధికారాన్ని ప్రైవేటు సంస్థకు అప్పగించారన్నది దాని అభ్యంతరం. 2022లో ఐదో సర్క్యూట్ కోర్టు ఆ వాదనతో ఏకీభవించగా, కాంగ్రెస్ చట్టాన్ని సవరించింది. 2023లో ఆరో సర్క్యూట్ కోర్టు సవరించిన చట్టాన్ని సమర్థించింది.

రెండు రంగాల్లోనూ కోర్టుల్లో వాదనలు ప్రధానంగా అధికార పరిధి గురించే సాగాయి. వాకింగ్ హార్స్ విషయంలో ఆ పరిధిని స్పష్టంగా నిర్ణయించగలిగేది కాంగ్రెస్ మాత్రమే. పరికరాల నిషేధాన్ని, స్వతంత్ర పశువైద్యుల తనిఖీని చట్టంలోనే రాస్తే, శాఖ హద్దు దాటిందన్న అభ్యంతరానికి చోటుండదు. పాస్ట్ బిల్లు సారం ఇదే.