బుధవారం రాత్రులు

"ఏరా, మా దగ్గరికి వచ్చినవాళ్ళు తమ గోడంతా మాకు చెప్పుకొని తేలికపడి వెళ్ళిపోతారు. మరి మేమెవరికి చెప్పుకోవాలి?"

ఈ మాట అన్నవాడు నా చిన్ననాటి స్నేహితుడు. వృత్తిరీత్యా మానసిక చికిత్సకుడు. పోయిన శ్రావణంలో నాలుగు రోజులుగా వదలని ముసురులో మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చొని, వాన వంక చూస్తూ అన్నాడు. ముసురు పట్టిన వారంలో తన దగ్గరికి వచ్చేవారి మాటల్లోనూ ముసురే ఉంటుందనీ, సాయంత్రానికి అది తనకూ పడుతుందనీ వాడి అనుభవం. నేను వైద్యుణ్ణి కాను. చరిత్ర పుస్తకాలు చదువుకునేవాణ్ణి. వాడికి చెప్పగలిగిన జవాబు నా దగ్గర లేదు. అయితే యాదృచ్ఛికంగా ఆ వారమే నేను చదువుతున్నది వియన్నా మనోవిశ్లేషకుల సమావేశ వివరాల సంపుటాలు. వాడి ప్రశ్నతో మళ్ళీ మొదటినుంచి తిరగేశాను. ఈ టపా ఆ రెండో పఠనం ఫలితం.

1902 శరదృతువులో సిగ్మండ్ ఫ్రాయిడ్ నలుగురు వైద్యులకు కార్డుముక్కలు రాశాడు. విల్‌హెల్మ్ స్టెకెల్, ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్, మాక్స్ కహానె, రుడాల్ఫ్ రైట్లర్ అనే ఆ నలుగురూ వియన్నా నగరంలో ప్రాక్టీసు చేసుకుంటున్నవారే. ఆలోచన స్టెకెల్‌దని చెబుతారు. అప్పటికి 'స్వప్నాల వివరణ' అచ్చయి మూడేళ్ళు కావస్తున్నా తోటి వైద్యలోకం ఫ్రాయిడ్‌ను పెద్దగా పట్టించుకోలేదు. కాబట్టి ఆ కార్డుముక్కలను ఒక గురువు శిష్యులకు పంపిన ఆజ్ఞలుగా కాక, ఒంటరివాడొకడు తోడు కోసం పంపిన కబుర్లుగా చదవడమే సబబని నాకు తోస్తుంది. గురుత్వం తరువాత వచ్చింది. దానితోపాటే చిక్కులూ వచ్చాయి.

బెర్గ్‌గాసె వీధి, 19వ నంబరు ఇల్లు. ప్రతి బుధవారం రాత్రి, పగలు రోగులు ఎదురుచూసే గదిలోనే, ఒక పొడవాటి బల్ల చుట్టూ సమావేశం. బల్ల మీద నల్లకాఫీ, కేకులు, సిగార్లు, సిగరెట్లు. ముందుగా ఒకరు వ్యాసం చదువుతారు. తరువాత కాస్త విరామం. ఆ పైన చర్చ. ఎవరు ఎప్పుడు మాట్లాడాలన్నది ఒక పాత్రలో వేసిన పేర్ల చీటీలు తీసి నిర్ణయించేవారు. పేరు వచ్చినవాడు మాట్లాడి తీరాలి. తొలినాటి చర్చల్లో ఒకటి పొగతాగడం మీద. రోజుకు ఇరవై సిగార్ల దాకా కాల్చే ఫ్రాయిడ్ ఇంట్లో, పొగ దట్టంగా కమ్మిన గదిలో ఆ చర్చ ఎలా సాగి ఉంటుందో ఊహించుకోవచ్చు. 1923లో ఆయన నోటిలో క్యాన్సర్ బయటపడింది. అప్పుడూ ఆ అలవాటు వదల్లేదు.

ఈ బుధవారాలకు ఒక ఋతుచక్రం ఉండేది. ఆకులు రాలే అక్టోబరులో మొదలై, చలికాలమంతా సాగి, ఎండలు ముదిరేసరికి ఆగిపోయేవి. వేసవిలో వియన్నా వైద్యులంతా కొండలకు తరలిపోయేవారు. ఫ్రాయిడ్ కుటుంబమూ అంతే. ఆ నెలల్లో ఆయన పిల్లలను వెంటబెట్టుకొని అడవుల్లో పుట్టగొడుగులు ఏరేవాడు. మన దేశంలో యతులు వానాకాలంలో ఒకచోట నిలిచి చాతుర్మాస్యం పాటిస్తారు, తక్కిన కాలం సంచరిస్తారు. వీరు మంచుకాలంలో నిలిచి, వేసవిలో చెదిరేవారు. కొన్ని నెలల పాటు రోగుల దుఃఖానికి దూరంగా ఉండడం విలాసం కాదని, ఆ పని చేసేవారికి అవసరమని, అరుగు మీద మా వాడి ముఖం చూసిన తరువాతే నాకు అర్థమైంది.

1906లో ఆటో రాంక్ అనే కుర్రవాణ్ణి వేతనమిచ్చి కార్యదర్శిగా పెట్టుకున్నారు. యంత్రాల పని నేర్చుకున్న పేదింటి పిల్లవాడు. అతణ్ణి ఫ్రాయిడ్‌కు పరిచయం చేసినవాడు ఆడ్లర్. ఎవరేమన్నారో అతడు రాసిపెట్టడం వల్లనే ఇప్పుడు మనం ఆ గదిలోకి తొంగిచూడగలుగుతున్నాం.

చూస్తే కనబడేదంతా స్నేహం కాదు. ఇక్కడ నాకు చరకుడు గుర్తుకు వచ్చాడు. చరకసంహిత విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో వైద్యుడు తోటి వైద్యులతో మాట్లాడుకోవలసిన తీరు గురించి విస్తారంగా ఉంది. దానికి 'తద్విద్యసంభాష' అని పేరు. ఆ విద్య తెలిసినవాడితోనే ఆ విద్య గురించి మాట్లాడాలి. దానివల్ల జ్ఞానం పెరుగుతుంది, విన్నదానిలో సందేహాలు తీరుతాయి. అంతేకాదు, గురువు ఎంతో ప్రసన్నుడై చెప్పిన రహస్యాలను కూడా ఎదుటివాడు వాదంలో గెలవాలన్న ఉత్సాహంతో బయటపెట్టేస్తాడట. (మనుషుల్ని ఎంతగా చదివాడో ఆ మహానుభావుడు!) ఆ సంభాష రెండు విధాలు. కలిసి మాట్లాడుకునేది సంధాయ సంభాష, కలహించి మాట్లాడుకునేది విగృహ్య సంభాష. రెండోదానిలో ప్రతివాదిని ఓడించే ఉపాయాలు కూడా అక్కడే ఉన్నాయి. వియన్నా సంపుటాలు చదువుతుంటే మొదటిది రెండోదిగా మారడం ఏటికేడాది కనబడుతుంది.

1907 సెప్టెంబరులో ఫ్రాయిడ్ రోమ్ నుంచి సభ్యులందరికీ ఒక ఉత్తరం పంపాడు. సంఘాన్ని రద్దు చేసి, వెంటనే కొత్తగా ఏర్పరుస్తున్నానన్నాడు. ఉండదలచినవారు తిరిగి చేరవచ్చు, వెళ్ళదలచినవారు ఎవరి మనసూ నొప్పించకుండా వెళ్ళవచ్చు. ఇది ఎంత నాగరికమైన పద్ధతో! మన సాహితీ సంఘాలకూ ఇలాంటి నియమం ఒకటి ఉంటే ఎన్ని తగవులు తప్పేవో అనిపించింది. కాని ఆ మర్యాద ఎక్కువకాలం నిలవలేదు. 1908 ఫిబ్రవరిలో చీటీల పద్ధతి తీసేశారు. అందరూ మాట్లాడి తీరాలన్న నియమం కొందరికి భారమైంది. ఈ గదిలో ఒకరన్న ఆలోచనను మరొకరు తమదిగా వాడుకోవచ్చునా అన్న చర్చ కూడా అప్పుడే వచ్చింది. ఆ సంవత్సరమే 'బుధవార సంఘం' అన్న పేరు పోయి 'వియన్నా మనోవిశ్లేషణ సంఘం' అయింది. 1910లో ఇల్లు చాలక సమావేశాలు బయటికి మారాయి. మరుసటి ఏడు ఆడ్లర్, అతనితోపాటు మరికొందరు తప్పుకున్నారు. 1912లో స్టెకెల్ కూడా వెళ్ళిపోయాడు. పేరు, నియమావళి, అద్దె హాలు వచ్చాయి. కార్డుముక్కలు అందుకున్న నలుగురిలో ఇద్దరు పోయారు.

ఆడ్లర్ వెంట వెళ్ళినవారిలో మార్గరెట్ హిల్ఫర్డింగ్ ఒకరు. వియన్నా విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా పొందిన తొలితరం మహిళల్లో ఒకరు. 1910 ఏప్రిల్లో ఆమె సంఘంలో చేరింది. ఆ సంఘానికి తొలి మహిళా సభ్యురాలు ఆమే. ఆమెను చేర్చుకొనే ముందు స్త్రీలకు ప్రవేశం ఉండాలా వద్దా అని చర్చించారు. ఆడ్లర్ ఉండాలన్నాడు. సూత్రప్రాయంగా స్త్రీలను కాదనడం పెద్ద అసంగతమవుతుందని ఫ్రాయిడ్ అన్నాడు. సిద్ధాంతరీత్యా కూడదన్నవాడు ఇసిడోర్ సాడ్గర్. ఈ ఇద్దరి పేర్లూ గుర్తుంచుకోండి.

మొదటి ప్రపంచయుద్ధంలో సభ్యులు చాలామంది సైన్యంలోకి వెళ్ళారు. సమావేశాలు పలుచబడ్డాయి. యుద్ధం చివర వచ్చిన చలికాలాలు వియన్నాకు కాళరాత్రులు. బొగ్గు లేదు, తిండి లేదు. వేడి లేని గదిలో ఓవర్‌కోటు తొడుక్కొని, కొంకర్లు పోయే వేళ్ళతో ఫ్రాయిడ్ రోగులను చూసేవాడు. ఒక హంగేరీ పత్రికకు రాసిన వ్యాసానికి పారితోషికంగా బంగాళాదుంపలు పుచ్చుకున్నాడు. 1920 జనవరిలో, అయిదు రోజుల తేడాలో, ఆయన ఆప్తమిత్రుడు ఆంటాన్ ఫాన్ ఫ్రాయిండ్, కూతురు సోఫీ పోయారు. కూతురిది ఇన్‌ఫ్లుయెంజా, హాంబర్గ్‌లో. రైళ్ళు నడవక తల్లిదండ్రులు వెళ్ళలేకపోయారు. తండ్రి తన పని ఆపలేదు. ఎవరికి చెప్పుకోవాలన్న మా వాడి ప్రశ్న ఇక్కడ నాకు మళ్ళీ వినిపించింది.

దీనికి ఆరేడు నెలల ముందు, 1919 జూలైలో, విక్టర్ టౌస్క్ ఆత్మహత్య చేసుకున్నాడు. పదేళ్ళుగా సంఘ సభ్యుడు, తెలివైనవాడు, యుద్ధంలో నలిగి వచ్చినవాడు. తనను విశ్లేషణకు తీసుకోమని ఫ్రాయిడ్‌ను అడిగితే ఆయన నిరాకరించి, హెలెన్ డాయిష్ అనే వైద్యురాలి దగ్గరికి పంపాడు. ఆమె అప్పుడు ఫ్రాయిడ్ దగ్గర విశ్లేషణలో ఉంది. టౌస్క్ ప్రసంగమే అక్కడా రావడంతో, రెంటిలో ఒకటి ఎంచుకోమని ఫ్రాయిడ్ ఆమెతో అన్నాడు. టౌస్క్ చికిత్స ఆగిపోయింది. అదొక్కటే కారణమని చరిత్రకారుడెవడూ చెప్పలేడు, నేనూ చెప్పను. కాని మనసులకు మందు కనిపెట్టామన్నవారి బల్ల చుట్టూ, తమలో ఒకడు మునిగిపోతుంటే పట్టుకొనేందుకు ఏర్పాటేదీ లేకపోయిందన్నది మాత్రం కనబడుతూనే ఉంది. తొలి నలుగురిలో కహానె 1923లో, స్టెకెల్ 1940లో తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. వాదించడానికి నియమాలున్నాయి. సేద తీరడానికి లేవు.

ఇంతమాత్రం చెప్పి ఊరుకుంటే అన్యాయమవుతుంది. 1918 సెప్టెంబరులో బుడాపెస్ట్ మహాసభలో ఫ్రాయిడ్ ఒక మాట అన్నాడు. పేదవాడికి శస్త్రచికిత్స మీద ఎంత హక్కుందో మనసుకు సాయం పొందడం మీదా అంతే హక్కుందని, అందుకు ఉచిత వైద్యశాలలు రావాలని ఆ మాట సారాంశం. 1922 మే 22న వియన్నాలో అలాంటిది తెరిచారు. హృద్రోగుల విభాగంతో పంచుకున్న చోటు. పొద్దున గుండెజబ్బుల వారికి, మధ్యాహ్నం నుంచి మనసు జబ్బుల వారికి. ఎడ్వర్డ్ హిచ్‌మన్ దాని పెద్ద. సంఘ సభ్యులు ఉచితంగా రోగులను చూడాలి, వీలుకాకపోతే డబ్బు కట్టాలి. కొద్ది నెలలకే అధికారులు మూయించారు. మళ్ళీ తెరిపించుకున్నారు. ఒక్కడి వల్ల కాని పనిని కలిసి మోసిన కాలమది, 1938 దాకా సాగింది.

ఆ 1922లోనే కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ పార్శీబగాన్ సందులోని తన ఇంట్లో భారతీయ మనోవిశ్లేషణ సంఘం స్థాపించాడు. మహాభారతాన్ని బెంగాలీలోకి తెచ్చిన హాస్యరచయిత రాజశేఖర్ బోస్ ఈయనకు అన్న. వియన్నా వైపు ఎన్నడూ వెళ్ళకుండా, ఉత్తరాల మీదనే ఫ్రాయిడ్‌తో స్నేహమూ వాదమూ రెండూ నడిపినవాడు గిరీంద్రుడు. నన్నడిగితే ఆ ఉత్తరాలు సంధాయ సంభాషకు మంచి ఉదాహరణ. తాను కాదన్నది కాదనే చెప్పాడు. సంబంధం తెగలేదు.

1938 మార్చి 12న జర్మన్ సేనలు ఆస్ట్రియాలో ప్రవేశించాయి. మరునాడే సంఘం కార్యవర్గం సమావేశమైంది. తప్పించుకోగలిగిన ప్రతి ఒక్కరూ దేశం విడిచి వెళ్ళాలని, ఫ్రాయిడ్ ఎక్కడ స్థిరపడితే అదే సంఘానికి స్థానమని తీర్మానించారు. జెరూసలేము ఆలయం కూలిన తరువాత యోహనాన్ బెన్ జక్కాయ్ అనే రబ్బీ యావ్నె ఊళ్ళో పాఠశాల తెరవడానికి అనుమతి కోరిన సంగతిని ఫ్రాయిడ్ గుర్తుచేశాడు. లండన్ నుంచి ఎర్నెస్ట్ జోన్స్ విమానంలో వచ్చి వాలాడు. ఇంగ్లండు అనుమతిపత్రాల కోసం ఎందరి గుమ్మాలో ఎక్కి దిగాడు. అమెరికా మనోవిశ్లేషకులు వలస వచ్చేవారి కోసం ప్రత్యేకంగా ఒక సహాయసంఘం పెట్టి ప్రమాణపత్రాలు, డబ్బు సమకూర్చారు. ముప్ఫై ఆరేళ్ళు పొగలో కూర్చొని ఒకరినొకరు చీల్చిచెండాడుకున్న వృత్తి, ఆ కొద్ది నెలల్లో ఒకరినొకరు ఒడ్డుకు చేర్చుకుంది. ఇద్దరు ముగ్గురు తప్ప సభ్యులంతా వెళ్ళగలిగారు.

కాని పాత సభ్యులు కొందరు మిగిలిపోయారు. హిల్ఫర్డింగ్‌నూ, ఆమె ప్రవేశాన్ని వద్దన్న సాడ్గర్‌నూ 1942లో ఒకే చోటికి, టెరెజియెన్‌స్టాట్ నిర్బంధానికి తరలించారు. ఆమె ఆ సెప్టెంబరులో అక్కడినుంచి మరోచోటికి తోలుకుపోతుండగా మరణించింది. అతడు డిసెంబరులో అక్కడే పోయాడు. అక్కడ వారు ఒకరినొకరు చూసుకున్నారో లేదో ఏ రాంకూ రాసిపెట్టలేదు.

రాంక్ రాసిన కాగితాల కథ వేరు. వాటిని ఫ్రాయిడ్ పాల్ ఫెడర్న్‌కు అప్పగించాడు. ఫెడర్న్ వాటిని భద్రంగా అమెరికా చేర్చాడు. ఆయన కొడుకు ఎర్నెస్ట్ మాత్రం తప్పించుకోలేక 1938 నుంచి 1945 దాకా నిర్బంధ శిబిరాల్లో గడిపాడు. బూహెన్‌వాల్డ్ శిబిరంలో బ్రూనో బెటెల్‌హైమ్ అనే మరో ఖైదీతో, తమ చుట్టూ ఉన్న మనుషులు అలా ఎందుకు ప్రవర్తిస్తున్నారో చర్చించేవాడు. తద్విద్యసంభాషకు ఇంతకంటే భయంకరమైన స్థలం నాకు తోచదు. ఈ ఎర్నెస్టే తరువాత హెర్మన్ నున్‌బర్గ్‌తో కలిసి సమావేశ వివరాలను నాలుగు సంపుటాలుగా సంపాదకత్వం వహించి వెలువరించాడు.

ఇదంతా మా వాడికి మరో ముసురు సాయంత్రం చెప్పాను. అంతా విని, "ఆ చీటీల పద్ధతి బాగుందిరా, తీసేయకుండా ఉండాల్సింది" అన్నాడు. ఇప్పుడు వాడూ, ఊళ్ళో ఉన్న మరో ముగ్గురూ నెలకొక శనివారం కలుస్తున్నారు. రోగుల సంగతులు పేర్లు లేకుండా, తమ సంగతులు దాచకుండా. కాఫీ మాత్రమే, సిగార్లు లేవు.

ఒక్క సంగతి మిగిలింది. 1931లో ఫ్రాయిడ్ డెబ్భయి అయిదవ పుట్టినరోజుకు కలకత్తా సంఘం ఆయనకు ఒక దంతపు విష్ణుమూర్తిని పంపింది. ఆయన దాన్ని తన బల్ల మీద గౌరవస్థానంలో పెట్టుకున్నాడు. వియన్నా చలికి అది పగుళ్ళు తీసింది. కలకత్తాకు అలవాటుపడ్డ దేవుడు వియన్నా వాతావరణానికి తట్టుకోగలడా అని దినచర్యలో రాసుకున్నాడు. 1938 జూన్‌లో ఫ్రాయిడ్‌ లండన్ చేరాక ఆ స్వామీ అక్కడికి వెళ్ళాడు. మేర్స్‌ఫీల్డ్ గార్డెన్స్‌లోని ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం, బల్ల అలాగే ఉంచారు. అటువైపు ఉండే మిత్రులెవరైనా వెళ్ళినప్పుడు ఆ పగుళ్ళు ఇంకా కనబడుతున్నాయేమో చూసి చెప్పగలరు.