చక్కెర కలపని సోయా పాలు

చక్కెర కలపని సోయా పాలు అనగా సోయా చిక్కుడు గింజలను నానబెట్టి, నీటితో రుబ్బి, వడకట్టి, కాచి తయారుచేసే పానీయం. ఇందులో చక్కెర గాని, మరే ఇతర తీపి పదార్థము గాని చేర్చబడదు. ఇది చూడటానికి జంతువుల పాలను పోలి ఉంటుంది. మాంసకృత్తుల పరిమాణంలో ఆవు పాలకు దగ్గరగా ఉంటుంది. అయితే కాల్షియం, విటమిన్ డి, విటమిన్ బి12 విషయంలో రెండింటికీ చాలా తేడా ఉన్నది. సోయా పాలలో మాంసకృత్తులు గింజ నుండి సహజంగా వస్తాయి. పై మూడు పోషకాలు మాత్రం తయారీదారు విడిగా చేర్చినప్పుడే తగినంతగా లభిస్తాయి. అందువలన ఆవు పాలకు, గేదె పాలకు బదులుగా దీనిని వాడేవారు ఈ తేడాను తెలుసుకొనుట అవసరం.

పేరు

సోయా చిక్కుడు శాస్త్రీయ నామం గ్లైసిన్ మాక్స్. ఇది చిక్కుడు కుటుంబానికి చెందిన మొక్క. "పాలు" అనే పదాన్ని జంతువుల పాలకే పరిమితం చేయాలనే నియమం కొన్ని దేశాలలో ఉన్నది. 2017 జూన్‌లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం కేవలం మొక్కల నుండి తయారైన పదార్థాలను "పాలు" అనే పేరుతో అమ్మరాదని తీర్పునిచ్చింది. ఇటువంటి నియమాల వలన అనేక పొట్లాలపై "సోయా పానీయం" అని వ్రాసి ఉంటుంది. వాడుకలో మాత్రం సోయా పాలు అనే పేరే స్థిరపడింది.

తయారీ విధానం

గింజలను ఎనిమిది నుండి పన్నెండు గంటలు నానబెట్టి, పొట్టు తీసి, నీటితో మెత్తగా రుబ్బుతారు. ఈ పిండిని పలుచని గుడ్డలో వేసి పిండగా వచ్చిన ద్రవమే సోయా పాలు. మిగిలిన పిప్పిలో పీచు పదార్థంతో పాటు కొంత మాంసకృత్తులు కూడా ఉండిపోతాయి.

ఇంటిలో చేసే పాలకు సాధారణంగా 100 గ్రాముల ఎండు గింజలకు 800 మిల్లీలీటర్ల నుండి ఒక లీటరు వరకు నీరు వాడతారు. నీరు పెరిగిన కొద్దీ పాలు పలుచబడి, గ్లాసుకు లభించే పోషకాలు తగ్గుతాయి. కనుక ఇంటి పాల పోషక విలువలు అన్ని సందర్భాలలో ఒకే విధంగా ఉండవు.

పచ్చి సోయా గింజలో ట్రిప్సిన్ నిరోధకాలు అనే పదార్థాలున్నాయి. ఇవి మాంసకృత్తులను జీర్ణం చేసే ఎంజైముకు అడ్డుపడతాయి. సరిగా కాచని పాలు త్రాగితే వికారం, వాంతులు, కడుపునొప్పి కలుగవచ్చు. వేడి చేసినప్పుడు ఈ నిరోధకాలు చాలావరకు నశిస్తాయి. సోయా పాలు పూర్తిగా మరగక ముందే నురుగుతో పైకి పొంగుతాయి. దానిని మరగటంగా పొరబడి దించివేయకుండా, మంట తగ్గించి, కలుపుతూ మరికొన్ని నిమిషాలు బాగా మరగనివ్వాలి.

గింజను చల్లని నీటితో రుబ్బినప్పుడు లైపాక్సిజనేజ్ అనే ఎంజైము కొవ్వుపై పనిచేయుట వలన పసరు వాసన పుడుతుంది. మరిగే నీటితో రుబ్బి ఈ ఎంజైమును అణచివేసే పద్ధతిని 1960వ దశకంలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో అభివృద్ధి చేశారు.

పోషక విలువలు

పోషకాలు చేర్చి అమ్మే చక్కెర కలపని సోయా పాలలో, 100 గ్రాములకు సుమారుగా ఉండే విలువలు ఇవి. తయారీని బట్టి ఇవి మారుతాయి.

శక్తి: 33 కిలో కేలరీలు
మాంసకృత్తులు: 2.9 గ్రా.
కొవ్వు: 1.6 గ్రా. (ఇందులో సంతృప్త కొవ్వు 0.2 గ్రా.)
పిండి పదార్థాలు: 1.7 గ్రా. (ఇందులో చక్కెరలు 0.4 గ్రా.)
పీచు పదార్థం: 0.5 గ్రా.
కాల్షియం: 120 మి.గ్రా. (చేర్చినది)
ఇనుము: 0.4 మి.గ్రా.
పొటాషియం: 120 మి.గ్రా.
కొలెస్టరాల్: లేదు
లాక్టోజ్: లేదు

మాంసకృత్తులు

మనిషి శరీరం స్వయంగా తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలన్నీ సోయా మాంసకృత్తులలో ఉన్నాయి. వీటిలో మెథియోనిన్ కొంత తక్కువ, లైసిన్ ఎక్కువ. వరి, గోధుమ వంటి ధాన్యాలలో లైసిన్ తక్కువగా ఉంటుంది. కనుక అన్నము, రొట్టెలతో పాటు సోయాను తీసుకున్నప్పుడు ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది. 100 గ్రాముల ఆవు పాలలో మాంసకృత్తులు సుమారు 3.2 గ్రాములు ఉంటాయి. బాదం పానీయం, బియ్యపు పానీయం వంటి వాటిలో చాలావరకు ఒక గ్రాము లేక అంతకంటే తక్కువగా ఉంటాయి. మొక్కల నుండి తయారయ్యే పానీయాలలో సోయా పాలకు ప్రత్యేక స్థానం లభించుటకు ఇదే ముఖ్య కారణం.

కొవ్వు

సోయా పాలలోని కొవ్వులో అధిక భాగం అసంతృప్తమైనది. సోయా నూనెలో సుమారు సగం లినోలిక్ ఆమ్లం కాగా, ఒమేగా-3 వర్గానికి చెందిన ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం సుమారు 7 శాతం. ఆవు పాలలో సుమారు 3.5 శాతం, గేదె పాలలో 6 నుండి 7 శాతం కొవ్వు ఉంటుంది. వీటిలో ఎక్కువ భాగం సంతృప్త కొవ్వే.

చక్కెరలు

చక్కెర కలపకపోయినను గింజలోని సుక్రోజ్ కొద్దిగా పాలలోనికి వస్తుంది. రాఫినోజ్, స్టాకియోజ్ అనే పిండి పదార్థాలు చిన్న ప్రేగులో జీర్ణం కావు. పెద్ద ప్రేగులోని సూక్ష్మజీవులు వీటిని పులియబెట్టుట వలన కొందరికి కడుపు ఉబ్బరం కలుగుతుంది. గింజలను నానబెట్టిన నీటిని పారబోస్తే ఇవి కొంతవరకు తగ్గుతాయి. తీపి చేర్చిన సాధారణ సోయా పాలలో 100 గ్రాములకు సుమారు 4 గ్రాముల చక్కెర, 54 కిలో కేలరీల శక్తి ఉంటాయి. ఆ లెక్కన 200 మిల్లీలీటర్ల గ్లాసుకు సుమారు 8 గ్రాముల చక్కెర చేరుతుంది. మధుమేహం ఉన్నవారికి ఈ తేడా గమనించదగినది.

కాల్షియం, విటమిన్లు

పోషకాలు చేర్చని సోయా పాలలో 100 గ్రాములకు కాల్షియం సుమారు 25 మి.గ్రా. మాత్రమే. ఆవు పాలలో ఇది సుమారు 120 మి.గ్రా. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం పెద్దవారికి రోజుకు 1000 మి.గ్రా. కాల్షియం అవసరం. ఒక గ్లాసు (200 మి.లీ.) ఇంటి సోయా పాలలో ఇందులో ఇరవయ్యో వంతు లభించగా, కాల్షియం చేర్చిన పాలలో దాదాపు నాలుగో వంతు లభిస్తుంది.

చేర్చిన కాల్షియం ఏ రూపంలో ఉన్నదన్నది కూడా ముఖ్యమే. కాల్షియం కార్బొనేట్ చేర్చిన సోయా పాల నుండి శరీరం ఆవు పాలతో సమానంగా కాల్షియంను గ్రహిస్తుందని, ట్రైకాల్షియం ఫాస్ఫేట్ చేర్చినప్పుడు కొంత తక్కువగా గ్రహిస్తుందని పరిశోధనలలో తేలింది. ఈ లవణాలు అడుగున పేరుకుంటాయి కనుక పొట్లాన్ని బాగా కుదిపిన తరువాతనే పోసుకోవాలి.

విటమిన్ బి12 మొక్కల ఆహారంలో సహజంగా దాదాపు లభించదు. మాంసం, గ్రుడ్లతో పాటు పాలు, పెరుగు కూడా మానివేసిన వారు ఈ విటమిన్ చేర్చని సోయా పాలపై ఆధారపడితే కాలక్రమేణా రక్తహీనత, నరాల వ్యాధులు రావచ్చు. విటమిన్ డి, అయోడిన్ కూడా సోయా పాలలో స్వతహాగా ఉండవు లేదా అత్యల్పం. గింజలోని ఫైటిక్ ఆమ్లం ఇనుము, జింకులను పట్టి ఉంచుట వలన అవి శరీరానికి తక్కువగా అందుతాయి. నిమ్మ, ఉసిరి వంటి విటమిన్ సి గల ఆహారం ఇనుము గ్రహింపును పెంచుతుంది.

పొట్లంపై సమాచారం

"చక్కెర కలపని" అనే మాట చక్కెర గురించి మాత్రమే తెలుపుతుంది. పోషకాలు చేర్చినదీ లేనిదీ దాని వలన తెలియదు. సహజమైన లేదా సేంద్రియ పానీయాలుగా అమ్మే కొన్ని రకాలలో కాల్షియం గాని విటమిన్లు గాని చేర్చరు. పదార్థాల జాబితాలో కాల్షియం కార్బొనేట్ లేదా కాల్షియం ఫాస్ఫేట్, విటమిన్ డి, విటమిన్ బి12 పేర్లు ఉన్నవో లేవో చూడాలి. అమెరికా ప్రభుత్వం 2020-2025 కాలానికి ఇచ్చిన ఆహార మార్గదర్శకాలలో మొక్కల పానీయాలన్నింటిలో పోషకాలు చేర్చిన సోయా పానీయాన్ని మాత్రమే పాల వర్గంలో చేర్చారు.

పసిపిల్లలు

ఒక సంవత్సరం నిండని శిశువులకు ఇంటిలో చేసిన లేదా బజారులో దొరికే సోయా పాలు తల్లిపాలకు ప్రత్యామ్నాయం కావు. సోయా మాంసకృత్తులతో చేసిన శిశు ఆహారం వేరు, సోయా పాలు వేరు. మొదటిదానిలో శిశువుకు కావలసిన కొవ్వు, విటమిన్లు, ఖనిజాలు లెక్క ప్రకారం చేరుస్తారు. దానిని కూడా వైద్యుని సలహాపైనే వాడాలి.

2001లో అమెరికాకు చెందిన పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో ఇద్దరు పసిపిల్లల వివరాలు ప్రచురించబడ్డాయి. పాలకు బదులుగా బియ్యపు పానీయం ఇచ్చిన బిడ్డకు మాంసకృత్తుల లోపం వలన క్వాషియార్కర్ వ్యాధి వచ్చింది. సోయా పానీయం ఇచ్చిన బిడ్డకు విటమిన్ డి లోపం వలన రికెట్స్ వచ్చింది. 2003లో ఇజ్రాయెల్‌లో, శిశువుల కొరకే తయారుచేసిన ఒక సోయా ఆహారంలో థయామిన్ (విటమిన్ బి1) తగినంత లేకపోవుట వలన కొందరు శిశువులు మరణించారు, మరికొందరికి నరాల సంబంధమైన శాశ్వత నష్టం కలిగింది. శిశువుకు ఒకే ఆహారం ఆధారమైనప్పుడు, అందులో ఒక్క పోషకం లోపించినా ఎంతటి ప్రమాదమో ఈ సంఘటనలు తెలుపుతున్నాయి.

ఆరోగ్య ప్రభావాలు

లాక్టోజ్ సరిపడనివారు, ఆవు పాల మాంసకృత్తుల వలన అలర్జీ కలిగే పెద్దవారు సోయా పాలను వాడుకోవచ్చు. అయితే సోయా వలన కూడా కొందరికి అలర్జీ కలుగుతుంది.

రోజుకు 25 గ్రాముల సోయా మాంసకృత్తులు గుండె జబ్బుల ముప్పును తగ్గించవచ్చునని పొట్లాలపై వ్రాసుకొనుటకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1999లో అనుమతించింది. తరువాతి పరిశోధనల ఫలితాలు ఒకే విధంగా లేకపోవుట వలన ఆ అనుమతిని ఉపసంహరించాలని 2017లో అదే సంస్థ ప్రతిపాదించింది. సోయా మాంసకృత్తుల వలన చెడు కొలెస్టరాల్ తగ్గుదల స్వల్పమేనని, సుమారు 3 నుండి 4 శాతమని అధ్యయనాలు సూచిస్తున్నాయి.

సోయాలోని జెనిస్టీన్, డైడ్జీన్ అనే ఐసోఫ్లేవోన్లు నిర్మాణంలో ఈస్ట్రోజెన్ హార్మోనును కొంత పోలి ఉంటాయి. వీటి ప్రభావం ఆ హార్మోను కంటే చాలా బలహీనమైనది. మితంగా తీసుకొనే సోయా ఆహారం పురుషులలో హార్మోనుల స్థాయిని మార్చినట్లు అధ్యయనాలలో కనబడలేదు. థైరాయిడ్ లోపానికి వాడే లీవోథైరాక్సిన్ మందు గ్రహింపును సోయా తగ్గించగలదు. కావున మందుకు, సోయా పాలకు మధ్య కొన్ని గంటల విరామం ఉండాలి.

వినియోగం

చైనాలో సోయా పాలు శతాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. 1940లో హాంగ్‌కాంగ్‌లో విటాసోయ్ సంస్థ, పాలు కొనలేని పేదల పోషకాహార లోపాన్ని తీర్చే ఉద్దేశంతో సీసాలలో సోయా పాల అమ్మకం ప్రారంభించింది. భారతదేశంలో సోయా చిక్కుడు అధికంగా మధ్యప్రదేశ్, మహారాష్ట్రలలో పండుతుంది. తెలంగాణలో ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాలలో సాగవుతున్నది.

వేడి కాఫీ, టీలలోని ఆమ్లం వలన సోయా పాలు కొన్నిసార్లు విరుగుతాయి. ఇది పాడైనదనుటకు గుర్తు కాదు. లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాతో దీనిని పెరుగుగా తోడుపెట్టవచ్చు. కాల్షియం లేదా మెగ్నీషియం లవణాలతో విరిచి, నీటిని పిండివేయగా వచ్చే గడ్డయే టోఫు.

ఇవి కూడా చూడండి

సోయా చిక్కుడు
టోఫు
పాలు
విటమిన్ బి12
రికెట్స్