ఛాయాచిత్రము - చూచువాని దూరము

ఒక ఛాయాచిత్రములో ఎంత సూక్ష్మమైన వివరము ఉండవలెను? ఈ ప్రశ్న వేసినచో ఫోటోగ్రాఫరు తన కెమెరాను చూపును; కెమెరాలు అమ్మువాడు అంకెలను చూపును. కాని ఛాయాగ్రహణ విద్య లోకమునకు వెల్లడియైన 1839 వ సంవత్సరము మొదలు నేటివరకు దాని చరిత్రను పరిశీలించినచో, సమాధానము కెమెరాలో గాని అంగడిలో గాని లేదని తెలియును. చిత్రము ఎంత పెద్దది, దానిని ఎంత దూరమునుండి చూతురు అను రెండు విషయములే ఆ వివరమునకు కొలతను నిర్ణయించుచు వచ్చినవి. కొలత మారిన ప్రతి పర్యాయము కెమెరా రూపము మారెను. ఫోటోగ్రాఫరు మోయు బరువు మారెను. తరువాతి తరమువారికి మిగులు జ్ఞాపకము కూడ మారెను.

ముందు మన కంటిని గూర్చి ఒక మాట. రెండు చుక్కలు కంటివద్ద చేయు కోణము ఒక డిగ్రీలో 60 వ వంతునకు తగ్గినచో, సామాన్యమైన చూపు గలవానికి అవి రెండుగా కాక ఒక్కటిగానే తోచును. పుస్తకము చదువుకొను దూరమున, అనగా 10 అంగుళముల దూరమున, ఈ హద్దును లెక్కించినచో అంగుళమునకు సుమారు 340 చుక్కలు వచ్చును. మంచి ప్రతికి అంగుళమునకు 300 చుక్కలు కావలెనని ముద్రాపకులు చెప్పు లెక్కకు మూలము ఇదియే. అదే చిత్రమును 10 అడుగుల దూరమునుండి చూచినచో అంగుళమునకు 30 చుక్కలు చాలును. 30 అడుగుల దూరమునుండి చూచినచో 10 చుక్కలే చాలును. వీధిలో గోడకంటించిన సినిమా పోస్టరు దూరమునుండి నిండైన ముఖమువలె కనబడి, దగ్గరకు పోగానే రంగు చుక్కలుగా విడిపోవుట అందరికి అనుభవమే. అది అచ్చువేసినవాని లోపము కాదు. వాడు బాటసారి కంటికి ఎంత కావలెనో అంతే అచ్చువేసినాడు.

ఛాయాగ్రహణపు తొలి దినములలో ఈ లెక్కలు ఎవరికిని అవసరము కాలేదు. ఫ్రాన్సు దేశీయుడైన డాగేరు పద్ధతిలో వెండిపూత గల రాగి పలకయే చిత్రము. దానికి నెగటివు లేదు, రెండవ ప్రతి లేదు. నిండు పలక ఆరున్నర అంగుళములు, ఎనిమిదిన్నర అంగుళములు. అంత ఖర్చు భరింపలేనివారు అర పలకతోను, పావు పలకతోను, ఆరవ వంతు పలకతోను తృప్తిపడెడివారు. పలకను చేతిలో పట్టుకొని భూతద్దముతో చూచినను క్రొత్త వివరములు కనబడుచుండెను. ఇంగ్లండులో టాల్బటు 1841 లో పేటెంటు పొందిన కాగితపు నెగటివు వలన ప్రతులు తీయుటకు వీలు కలిగెను. 1851 లో ఆర్చరు గాజు పలకపై కొలోడియను పూసి తీయు పద్ధతిని ప్రకటించెను. అయినను ఒక నిర్బంధము మిగిలెను. ఆనాటి కాగితములు వెలుతురును మిక్కిలి నెమ్మదిగా గ్రహించునవి. నెగటివును కాగితమునకు ఆనించి ఎండలో పెట్టవలసినదే గాని, చిన్న నెగటివునుండి పెద్ద ప్రతి తీయుట సులభము కాదు. ఎంత పటము కావలెనో అంత గాజు పలక, ఆ పలక పట్టునంత కెమెరా ఉండి తీరవలెను.

ఈ నిర్బంధమునుండి రెండు దారులు చీలినవి. 1854 లో పారిసు నగరమున డిస్డేరీ అను ఫోటోగ్రాఫరు ఒకే పలకపై ఎనిమిది చిన్న చిత్రములు తీయు ఏర్పాటునకు పేటెంటు పొందెను. పేరు చీటీ యంత చిన్న పటములు. ఆల్బములో అమర్చుకొనుటకు, బంధుమిత్రులకు పంచుటకు అనువైనవి. చేతిలో పట్టుకొని చూచు చిత్రమునకు అంతకన్న పెద్ద పలక అనవసరమని ఆయన గ్రహించెను. ధర తగ్గెను, మధ్యతరగతి సంసారముల యిండ్లకు ఛాయాచిత్రము ప్రవేశించెను.

రెండవ దారి పట్టినవాడు అమెరికాలో కార్లటన్ వాట్కిన్సు. 1861 లో ఆయన కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయకు 18 అంగుళములు, 22 అంగుళములు గల గాజు పలకలు పట్టు కెమెరాను చేర్చెను. కొలోడియను పూసిన పలకను తడి యారకముందే కెమెరాలో పెట్టవలెను, తడి యారకముందే కడుగవలెను. కనుక చీకటి గుడారము, రసాయనములు, నీరు, గాజు, సమస్తమును కంచరగాడిదల మీద కొండలెక్కింపవలసి వచ్చెను. ఆ శ్రమకు కారణము గోడ. ఆ కొండలను, ఆ మహావృక్షములను ఎన్నడును చూడని తూర్పు రాష్ట్రములవారు ఆ పటముల యెదుట నిలిచి, దగ్గరకు జరిగి చూచినను బండరాతి నెర్రెలు సైతము తేటగా కనబడవలెను. 1864 లో అధ్యక్షుడు లింకను ఆ లోయను ప్రజోపయోగమునకై సంరక్షించు శాసనముపై సంతకము చేసెను. ఆ అభిప్రాయము బలపడుటకు వాట్కిన్సు చిత్రములు తోడ్పడినవని చరిత్రకారులు చెప్పుదురు.

పెద్ద పటమునకై పెద్ద పలక అను సూత్రము చివరకు విపరీతమునకు పోయెను. 1875 లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున హోల్టర్మను అను ధనికుని ప్రోత్సాహముతో బేలిస్సు అను ఫోటోగ్రాఫరు 5 అడుగులకు మించిన పొడవు గల గాజు నెగటివులపై ఆ రేవు దృశ్యములను తీసెను. 1900 లో షికాగో ఫోటోగ్రాఫరు జార్జి లారెన్సు ఒక రైలుబండి చిత్రమునకై 8 అడుగులు, నాలుగున్నర అడుగులు గల పలక పట్టు కెమెరాను చేయించెను. దాని బరువు 1,400 పౌనులు. ఆ రైలు కంపెనీ తన బండి మొత్తమును, అతుకు లేక, ఒకే పటములో చూపవలెనని కోరెను. పటము కొలతయే కెమెరా కొలత యైనప్పుడు మరి యొక మార్గము లేదు.

మన హైదరాబాదు చరిత్రలో కూడ ఈ యుగపు గుర్తులు నిలిచియున్నవి. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ఉద్యోగము చేయుచు ఛాయాగ్రహణము నేర్చిన లాలా దీనదయాళు 1886 లో సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఫోటోగ్రాఫరై, రాజా ముసవ్విర్ జంగ్ బహాదూర్ అను బిరుదము నందెను. 1892 లో హైదరాబాదున స్త్రీలకై ప్రత్యేకముగా ఒక జనానా స్టూడియోను కూడ తెరచెను. దర్బారులు, వేటలు, కోటలు, కుటుంబ బృందములు ఆయన పెద్ద గాజు పలకలపై నిలిపెను. ఆయన నెగటివులలో 2,857 గాజు పలకలు నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రమున భద్రముగా ఉన్నవి. ఆనాడు ఆల్బములలో అతికించుటకు తీసిన ఆ పలకలను నేడు గోడ నిండునంత పెద్దవి చేసి ప్రదర్శించుటకు వీలగుచున్నది. పలకలోని వివరము ఆనాటి అవసరమును మించి మిగిలియుండుటయే అందుకు కారణము.

ఇంతలో నిర్బంధము సడలెను. సూర్యకాంతితో పటమును పెద్దచేయు యంత్రమునకు 1857 లోనే అమెరికాలో వుడ్‌వర్డు పేటెంటు పొందియుండెను గాని, దానికి చాల సేపు ఎండ కావలెను. మసకబారిన భాగములను చిత్రకారుడు రంగులతో సరిదిద్దవలెను. 1871 లో మాడక్సు సూచించిన జెలటిను పద్ధతి వృద్ధిపొంది, బ్రోమైడు కాగితము వచ్చిన తరువాత దీపకాంతితోనే చీకటిగదిలో పటమును పెంచుట సాధ్యమయ్యెను. 1888 లో వచ్చిన ఈస్టుమన్ కొడాకు కెమెరా రెండున్నర అంగుళముల గుండ్రని చిత్రములు తీసెను. 1925 లో జర్మనీలో అంగడికి వచ్చిన లైకా కెమెరాలో ఓస్కార్ బార్నాకు సినిమా ఫిల్ముపై 24 మిల్లీమీటరులు, 36 మిల్లీమీటరులు గల నెగటివును అమర్చెను. గాడిదలు మోసిన బరువు కోటు జేబులోనికి వచ్చెను.

అయితే బరువు తగ్గినను లెక్క పోలేదు. ఎంత పలక అను ప్రశ్న పోయి, ఎన్ని రెట్లు అను ప్రశ్న వచ్చెను. లైకా నెగటివును 8 అంగుళములు, 12 అంగుళముల పటముగా చేయవలెనన్న ఎనిమిదిన్నర రెట్లు పెంచవలెను. పెంచినప్పుడు ముఖముతో పాటు చేతి వణకును, కటకపు లోపమును, ఫిల్ములోని రేణువులును పెరుగును. నెగటివుపై మిల్లీమీటరులో 30 వ వంతు మసకను సహింపవచ్చునను నియమము ఒకటి చిన్న కెమెరాల కాలమున ఏర్పడెను. కటకముపై చెక్కిన దూరపు గీతలు ఇట్టి లెక్కపైననే ఆధారపడినవి. ఆ నియమము చేతిలో పట్టుకొని చూచు పటమునకు సరిపోవును. అదే నెగటివును గోడయంత చేసి, అడుగు దూరమున నిలిచి చూచువానికి ఆ గీతలు అబద్ధము చెప్పును.

దూరము యొక్క మహిమను చాటిన ఉదాహరణ న్యూయార్కు నగరములోని గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషనులో ఉండెను. 1950 మొదలు 1990 వరకు కొడాకు కంపెనీ అక్కడ 18 అడుగుల ఎత్తు, 60 అడుగుల పొడవు గల రంగుల పటములను వెనుకనుండి దీపములు వెలిగించి ప్రదర్శించెను. మొదట పెద్ద ఫిల్ముల కెమెరాలనే వాడిరి. కాలక్రమమున 35 మిల్లీమీటరుల ఫిల్ముపై తీసినవి కూడ ఆ గోడనెక్కినవి. విశాలమైన హాలులో నడచిపోవు ప్రయాణికునికి ఆ భేదము కనబడలేదు.

1975 లో కొడాకు ఇంజనీరు స్టీవెన్ సాసన్ ఫిల్ము లేని కెమెరాను నిర్మించినప్పుడు వివరము తొలిసారిగా లెక్కకు దొరకినది. ఆ చిత్రములో వరుసకు 100 చొప్పున 100 వరుసలు, మొత్తము 10,000 చుక్కలు. దానిని క్యాసెట్టు టేపుపై వ్రాయుటకు 23 సెకనులు పట్టెను. చూచుట టెలివిజను తెరపై. నేడు పిక్సెల్ అనబడు ఆ చుక్కలు జేబులోని ఫోనులో సైతము కోటికి మించి యున్నవి. వీనిలో ఎన్ని అవసరము? 4 అంగుళములు, 6 అంగుళముల పటమునకు సుమారు 22 లక్షలు. 8, 10 అంగుళముల పటమునకు 72 లక్షలు. ఇంటిలోని 4కే టెలివిజను తెరకు 83 లక్షలు. ఇక 20 అడుగులు, 30 అడుగుల హోర్డింగు? 30 అడుగుల దూరమునుండి చూచువానికి అంగుళమునకు 10 చుక్కలు చాలును గనుక 86 లక్షలు. వీధి చివరనున్న మహాపటమునకును, మన బల్లపై నిలిపిన చిన్న పటమునకును కావలసిన వివరము దాదాపు సమానమే. కోట్లను చూపి అమ్మువారు ఈ సంగతి చెప్పరు.

ఆ కారణమున మిగిలినదంతయు వ్యర్థమనుకొనుట పొరపాటు. పెండ్లిలో తీసిన బృంద చిత్రమును ఊహింపుడు. వరుసకు పదిహేనుమంది, మూడు వరుసలు. ఫోనులో బంధువులకు పంపునప్పుడు అది 1,600 చుక్కల వెడల్పునకు కుదించబడినదనుకొందము. ఒక్కొక్క మనిషికి సుమారు 100, ముఖమునకు 50 చుక్కలు దక్కును. ఫోను తెరపై చూచుటకు అది చాలును, అందరును సంతోషింతురు, అసలు చిత్రము ఎవరి ఫోనులోనో ఉండి, ఆ ఫోనుతో పాటు పోవును. పదేండ్ల తరువాత వెనుక వరుసలో నిలిచిన పెద్దాయన గతించును. ఆయనకు వేరే పటము లేదు. ఆ ముఖమును 5 అంగుళముల వెడల్పునకు పెంచి పటము కట్టింపబోయినచో అంగుళమునకు పదియే చుక్కలు మిగులును. ఆ పటము 30 అడుగుల దూరమునుండి మాత్రమే తాతగారివలె కనబడును. దండ వేయుటకు దగ్గరకు పోయినచో చెదరిపోవును. అంత దూరము గల గది మన యిండ్లలో ఎక్కడిది?

కనుక ఛాయాచిత్రమునకు రెండు కొలతలు కలవు: చూపుటకు ఒకటి, దాచుటకు ఒకటి. చూపు కొలతను నేటి కన్ను నిర్ణయించును. అందులో పొదుపు వివేకమే. దాచు కొలతను ఇంకను పుట్టని కన్ను నిర్ణయించును. అది ఏ గోడపై, ఎంత దగ్గరగా చూడగోరునో మనము ఎరుగము. దీనదయాళు ఆల్బమునకు సరిపోవు పటములు ఇచ్చెను, గాజు పలకలను మాత్రము భద్రపరచెను. చిన్న ప్రతిని పంచిపెట్టుడు. పెద్ద మూలమును పారవేయకుడు.