నెగెటివ్ సాక్ష్యం, ఫర్మ్‌వేర్ సంతకం

1950 ఏప్రిల్‌లో హెన్రీ కార్టియర్ బ్రెసన్ లైకా కెమెరా పట్టుకుని దక్షిణాదిన తిరుగుతున్నారు. 14వ తేదీ రాత్రి రమణ మహర్షి కన్నుమూసినప్పుడు బ్రెసన్ తిరువణ్ణామలైలోనే ఉన్నారు. ఆ నెలలోనే పుదుచ్చేరి చేరారు. అప్పటికి ఆ ఊరు ఇంకా ఫ్రాన్సు చేతిలోనే ఉంది. 1926 నుంచి ఏకాంతవాసంలో ఉన్న శ్రీ అరవిందులు దాదాపు మూడు దశాబ్దాలుగా ఏ కెమెరా ముందూ కూర్చోలేదు. బ్రెసన్‌కు మాత్రం అనుమతి దొరికింది. ఆ డిసెంబరు 5న అరవిందులు దేహం చాలించారు. ఆయన బతికుండగా తీసిన చివరి ఫోటోలుగా లోకానికి తెలిసినవి ఆ ఏప్రిల్ ఫోటోలే.

ఆ లైకాకు బ్యాటరీ లేదు, మీటరు లేదు. వెలుతురు ఎంతుందో ఫోటోగ్రాఫరే అంచనా కట్టుకోవాలి, ఫోకస్ వేళ్లతో తిప్పుకోవాలి. షట్టరు గుడ్డకు చిల్లుపడితే ఫోటో మీద మచ్చ వచ్చేది. మెకానిక్ ఆ గుడ్డ మారిస్తే పోయేది. అది ఆ ఒక్క కెమెరా జబ్బు, పక్కవాడి లైకాకు దాంతో సంబంధం లేదు. ఇప్పటి కెమెరా జబ్బుల తీరు వేరు. లోపం దాన్ని నడిపే ప్రోగ్రాములో, అంటే ఫర్మ్‌వేర్‌లో ఉంటే, ఆ మోడల్ కొన్నవాళ్లందరికీ పారిస్‌లో ఉన్నా పుదుచ్చేరిలో ఉన్నా అదే లోపం. మందు కూడా అందరికీ ఒకే ఫైలుగా వస్తుంది.

ఈ మార్పును పుదుచ్చేరి నుంచి చూడటానికి ఒక కారణం ఉంది. పాత పద్ధతిలో తీసిన ఫోటో ఎంత గట్టి సాక్షిగా నిలబడగలదో ఈ ఊరు చూపించింది.

1954 నవంబరు 1న ఫ్రెంచివాళ్లు పాలన అప్పగించి వెళ్లారు. మరుసటి ఏడాది మార్చిలో సెయింట్ లూయీ వీధిలో ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. సంస్కృత పండితుడు జాఁ ఫిలియోజా దానికి తొలి డైరెక్టరు. 1956 నుంచి ఇన్‌స్టిట్యూట్ వాళ్లు దక్షిణాది ఆలయాలను, విగ్రహాలను ఊరూరా తిరిగి ఫోటోలు తీయించడం మొదలుపెట్టారు. లక్షకు పైబడిన ఆ సేకరణలో పెద్ద గుళ్లే కాదు, దీపం పెట్టేవాళ్లు లేని పల్లె కోవెళ్లూ ఉన్నాయి. తెలుగునేల కూడా వాళ్ల దృష్టిలో పడింది. ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన పి. జెడ్. పట్టాభిరామిన్ 1971లో ఆంధ్ర గుహాలయాల మీద ఫ్రెంచిలో ఒక గ్రంథమే వెలువరించారు. ఇదంతా విగ్రహ లక్షణాల అధ్యయనం కోసం మొదలైన పని. దొంగల సంగతి అప్పుడు ఎవరి తలపులోనూ లేదు.

కాని ఆ ఫోటోలు దొంగలనే పట్టించాయి. కాన్‌బెరాలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆస్ట్రేలియా 2008లో న్యూయార్క్ వ్యాపారి సుభాష్ కపూర్ దగ్గర 50 లక్షల డాలర్లకు ఒక చోళుల కంచు నటరాజును కొన్నది. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నట్టే కనిపించాయి. అదే నటరాజు అరియలూరు జిల్లా శ్రీపురంతాన్ గుడిలో ఉండగా 1994లో తీసిన ఫోటో పుదుచ్చేరిలో ఉంది. న్యూ సౌత్ వేల్స్ ఆర్ట్ గ్యాలరీ 2004లో కొన్న రాతి అర్ధనారీశ్వరుడి కథా ఇలాంటిదే. అది పుదుచ్చేరికి పొరుగునే ఉన్న కడలూరు జిల్లాలో, వృద్ధాచలం గుడి గోడలో ఉండేదని పాత ఫోటోలు తేల్చాయి. 2014 సెప్టెంబరులో ఆస్ట్రేలియా ప్రధాని టోనీ అబాట్ ఆ రెండింటినీ ఢిల్లీలో భారత ప్రధానికి అప్పగించారు. కపూర్‌కు 2022లో కుంభకోణం కోర్టు పదేళ్ల జైలుశిక్ష వేసింది.

నెగెటివ్‌కు అంత విలువ ఎందుకంటే, వెండి లవణం మీద వెలుతురు చేసిన పని అక్కడే కళ్లెదుట ఉంటుంది. దాన్ని మార్చినా గీకినా ఏదో ఒక ఆనవాలు మిగులుతుంది. డిజిటల్ కెమెరాలో అలా కాదు. సెన్సర్ ఇచ్చేది అంకెలు మాత్రమే. ఆ అంకెల్లో ఏది రంగు, ఏది మరక, ఏది ఉంచాలి, ఏది తుడవాలి అన్నది ప్రాసెసర్‌లోని ప్రోగ్రాము నిర్ణయం. 1991లో కొడాక్ అమ్మిన మొదటి డీసీఎస్ కెమెరాకు 13 లక్షల పిక్సెళ్లు. 200 మెగాబైట్ల హార్డ్‌డిస్కు ఉన్న పెట్టెను ఫోటోగ్రాఫర్ భుజానికి తగిలించుకోవాల్సి వచ్చేది. ఆ పెట్టె చూసి నవ్వినవాళ్లు తరవాత పదిహేనేళ్లలో ఫిల్ము మానేశారు.

ప్రోగ్రామును తిరగరాయగల చిప్పులో పెట్టడంతో కంపెనీలకు ఒక వెసులుబాటు దొరికింది. రెండేళ్లకోసారి జర్మనీలోని కొలోన్ నగరంలో ఫోటోకినా ప్రదర్శన జరిగేది. పోటీ కంపెనీ కొత్త కెమెరా చూపిస్తుంటే మనం ఖాళీ చేతులతో వెళ్లగలమా? తేదీకి కెమెరా సిద్ధమైతే చాలు, ప్రోగ్రాములో మిగిలిన పని తరవాత చూసుకోవచ్చు. ఆ మిగిలిన పనిలో సగం డబ్బిచ్చి కొన్నవాడి నెత్తిన పడింది.

లైకాకు కూడా ఆ గతి పట్టింది. బ్రెసన్ వాడిన వంశంలో మొదటి డిజిటల్ కెమెరా ఎమ్8, 2006లో వచ్చింది. సెన్సర్ ముందున్న గాజు మరీ పలచన కావడంతో కంటికి కనపడని పరారుణ కాంతి లోపలికి చొరబడి, కొన్ని నల్లబట్టలు ఫోటోలో ఊదారంగుకు తిరిగాయి. లైకా కొన్నవాళ్లకు రెండేసి ఫిల్టర్లు ఉచితంగా పంపింది. ఆ ఫిల్టర్లు పెడితే వైడ్ లెన్సుల్లో ఫోటో మూలలు నీలిపచ్చగా మారాయి. దాన్ని సరిదిద్దే పని మళ్లీ ఫర్మ్‌వేర్‌కే అప్పగించారు.

కేనన్ 5డీ మార్క్ 2 కథ ఇంతకన్నా రసవత్తరం. 2008 సెప్టెంబరులో ఫోటోకినాకు ముందు దాన్ని ప్రకటించారు. 2 కోట్ల 11 లక్షల పిక్సెళ్లు, పైగా పూర్తి స్థాయి హెచ్‌డీ వీడియో. చేతికందాక రాత్రిపూట ఫోటోలు తీసినవాళ్లకు ప్రతి దీపం చుక్క పక్కనా ఒక నల్లచుక్క కనిపించింది. దీపాలు వేలాడే పెళ్లిపందిట్లో ఆ కెమెరాతో తీస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. 2009 జనవరిలో వచ్చిన 1.0.7 వెర్షన్ ఆ చుక్కలను తుడిచింది.

చుక్కలు పోయినా వీడియో బాధ తీరలేదు. ఆ కెమెరా సెకనుకు 30 ఫ్రేములే తీసేది. మన టీవీది, ఫ్రాన్సు టీవీది సెకనుకు 25 ఫ్రేముల లెక్క. మన కరెంటు దీపాల నడక 50 హెర్ట్జ్. 30 ఫ్రేముల వీడియోలో ట్యూబులైట్లు మిణుకుమిణుకుమనే ప్రమాదం ఉంది. ఎడిటింగ్ బల్ల దగ్గర 30ని 25కు దించితే నడిచే మనిషి తడబడతాడు. 2009 జూన్‌లో చేత్తో ఎక్స్‌పోజరు మార్చుకునే వీలు ఇచ్చారు. 25 ఫ్రేములు రావడానికి 2010 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది. తీరా ఇచ్చిన 2.0.3 వెర్షన్‌లో శబ్దం రికార్డు కాని లోపం బయటపడి, కొద్దిరోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకుని 2.0.4 విడుదల చేశారు. మందుకు మందు.

ఈ లోపు 2009లోనే ట్రామెల్ హడ్సన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్, కంపెనీ కోసం కాచుకోలేక, మ్యాజిక్ లాంటర్న్ అనే సొంత ప్రోగ్రాము రాసి మెమరీ కార్డు నుంచే నడిపించాడు. కంపెనీ ఇవ్వని శబ్ద నియంత్రణ అందులో ఉంది.

పుదుచ్చేరి వీధులు కూడా ఆ సంధికాలంలో ఒక కొత్త కెమెరాను చూశాయి. 2011 జనవరిలో దర్శకుడు ఆంగ్ లీ ‘లైఫ్ ఆఫ్ పై’ చిత్రీకరణ ఇక్కడ మొదలుపెట్టారు. త్రీడీ అమరికలో వాడింది ఆరీ కంపెనీ అలెక్సా కెమెరాలు. అవి మార్కెట్‌లోకి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆరీ వాళ్లు అలెక్సాను ఒకేసారి పూర్తిచేసి ఇవ్వలేదు. సాఫ్ట్‌వేర్ ప్యాకెట్లుగా విడతలవారీగా శక్తులు చేర్చుతూ పోయారు. సెకనుకు 120 ఫ్రేముల వేగం అలాగే వచ్చింది, దానికి విడిగా లైసెన్సు కొనుక్కోవాలి. సినిమా ఛాయాగ్రాహకుడు క్లాడియో మిరాండాకు 2013లో ఆస్కార్ దక్కింది. కెమెరా సరుకుగా కాక చందా కట్టే సేవలా మారడానికి అలెక్సా లైసెన్సు పద్ధతి తొలి మెట్టు అనుకోవచ్చు.

సోనీ ఏ7 శ్రేణిలో ఇంకో వింత. కొన్ని సెకన్లకు మించి షట్టరు తెరిచి ఆకాశాన్ని తీస్తే చిన్న నక్షత్రాలు మాయమయ్యాయి. సెన్సర్ మరకలను తుడవడానికి పెట్టిన ప్రోగ్రాము నక్షత్రాన్నీ మరకగానే లెక్కకట్టింది. ఖగోళ ఫోటోగ్రాఫర్లు దీనికి నక్షత్రాలు మింగే కెమెరా అని పేరు పెట్టారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది.

2020 జులైలో వచ్చిన కేనన్ ఆర్5ది వేడి సమస్య. 8కే వీడియో 20 నిమిషాలు తీయగలదని కంపెనీయే చెప్పింది, అదీ 23 డిగ్రీల వాతావరణంలో. పుదుచ్చేరిలో మే నెల మధ్యాహ్నం 35 డిగ్రీలు దాటడం మామూలు. పెళ్లిళ్ల కాలమూ అదే. కెమెరా కొన్నవాళ్లు గగ్గోలు పెడితే ఆగస్టులో 1.1.0 వెర్షన్ వచ్చి, వేడిని కొలిచే పద్ధతిని, షూటింగ్ వేళను సవరించింది. కెమెరా లోహం మారలేదు, గాలి ఆడే దారి మారలేదు. అప్పటిదాకా ప్రోగ్రాము ఎంత అతిజాగ్రత్తగా గడియారం చూసుకుంటోందో మాత్రం బయటపడింది.

అందుకే పెళ్లి ఫోటోగ్రాఫర్లలో తెలిసినవాళ్లు ముహూర్తానికి ముందురోజు అప్‌డేట్ జోలికి పోరు. బ్యాటరీ నిండా ఉండాలి, ఫైలును కార్డులో ఏ ఫోల్డరులోనూ కాక నేరుగా పెట్టాలి, తెర మీద గీత నిండేదాకా మీట ముట్టుకోకూడదు. మధ్యలో కరెంటు తెగితే కెమెరా ఎందుకూ పనికిరాని లోహపు ముద్ద కావచ్చు. అలాగని అప్‌డేట్ మానేస్తే మరో బెడద. 2019 ఆగస్టులో సైబర్ భద్రతా సంస్థ చెక్ పాయింట్ పరిశోధకులు కేనన్ 80డీలోకి వైఫై ద్వారా చొరబడి, కార్డులోని ఫోటోలన్నిటికీ తాళం వేసి, డబ్బు అడిగే సందేశాన్ని తెర మీద చూపించారు. ఆ దారిని మూయడానికి కేనన్ 1.0.3 వెర్షన్ ఇచ్చింది.

వీటన్నిటికన్నా లోతైన దెబ్బ 2025లో తగిలింది. కృత్రిమ మేధతో నకిలీ ఫోటోలు పెరిగాక, ఇది నిజంగా కెమెరా తీసిందేనని కెమెరాయే డిజిటల్ సంతకం పెట్టే సీ2పీఏ పద్ధతి ముందుకొచ్చింది. 2021లో అడోబీ, మైక్రోసాఫ్ట్, బీబీసీ వంటి సంస్థలు కలిసి దీన్ని మొదలుపెట్టాయి. 2023 అక్టోబరులో ఆ సంతకంతో వచ్చిన తొలి కెమెరా లైకా ఎమ్11-పీ. నికాన్ ఈ శక్తిని జెడ్6 3 మోడల్‌కు 2025 ఆగస్టులో 2.00 వెర్షన్‌గా అందించింది. కొద్దిరోజులకే ఒక ఫోటోగ్రాఫర్ లొసుగు పట్టుకున్నారు. రెండు దృశ్యాలను ఒకదాని మీద ఒకటి కలిపే మల్టిపుల్ ఎక్స్‌పోజర్ పద్ధతిలో, సంతకం లేని పాత ఫైలును ఒక దృశ్యంగా వాడితే, వచ్చిన ఫోటోకు కెమెరా నిశ్చింతగా సంతకం పెట్టేసింది. నికాన్ ఆ సేవను ఆపేసి, అప్పటిదాకా ఇచ్చిన సర్టిఫికెట్లను రద్దు చేసింది. ఆ కొద్దిరోజుల్లో నిజాయితీగా తీసిన ఫోటోల సంతకాలూ వాటితోపాటే చెల్లకుండా పోయాయి.

అప్‌డేట్ ముందుకే పనిచేస్తుంది, వెనక్కి పోదు. 2008 డిసెంబరులో తీసిన పెళ్లి ఫోటోల్లోని నల్లచుక్కలు ఇప్పటికీ ఆల్బమ్‌లో అలాగే ఉంటాయి. నక్షత్రాలు మింగిన ఫోటోలో అవి తిరిగి వెలగవు. అయితే చాలా కెమెరాలు ప్రతి ఫైలులోనూ ఎక్సిఫ్ అనే చిత్రీకరణ వివరాలతోపాటు ఆనాటి ఫర్మ్‌వేర్ వెర్షన్ సంఖ్యను రాసిపెడతాయి. ఇన్‌స్టిట్యూట్ సేకరణలాంటిదాన్ని డిజిటల్ ఫోటోలతో కూర్చేవాళ్లకు తీసిన తేదీ, ఊరు పేరు ఎంత అవసరమో ఆ చిన్న సంఖ్యా అంతే అవసరం. ఫలానా మచ్చ రాతిదా, ప్రోగ్రాముదా అని విడదీయడానికి అదే ఆధారం. మూల ఫైలు దగ్గరుంటేనే అది దొరుకుతుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపిన కాపీలో ఆ వివరాలు ఉండవు.