డిగ్రీ పట్టా వెనుక పొలం పట్టా



ప్రత్యేక సంచికకు మన తరం పట్టభద్రుల గురించి ఏదైనా రాయమని సంఘం కార్యదర్శిగారు అడిగారు. నేను బి.ఏ.లో చరిత్ర చదివినవాణ్ణే గాని చరిత్రకారుణ్ణి కాను. 1973 నుంచి 2007 వరకు, ముప్పై నాలుగేళ్ళు రెవెన్యూ శాఖలో గుమాస్తా పని చేశాను. నాకు తెలిసినవి ఫైళ్ళు, రిజిస్టర్లు. ఏ రిజిస్టరులోనూ ఎక్కకుండా మిగిలిపోయిన పద్దు ఒకటి మన ఇళ్ళలో చాలామందికి ఉంది. దాన్ని గురించి రాయాలని ఈ డెబ్బై ఆరో ఏట అనిపించింది.

మన జిల్లా సంగతి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘం పడమటి కనుమల అవతలే కురిసి, మన దగ్గరికి వచ్చేసరికి తేలిపోతుంది. ఈశాన్య మేఘం తూర్పు తీరాన్ని తడిపి అలసిపోతుంది. రెండింటికీ దూరమైన పీఠభూమి మనది. మా అమ్మ 1952 నాటి కరువును, గంజి కేంద్రాల ముందు చెంబులు పట్టుకుని నిలబడ్డ రోజులను చివరిదాకా చెప్పుకునేది. ఇటువంటి చోట చదువంటే జ్ఞానం ఒక్కటే కాదు. ఇంట్లో ఒక్కడైనా వానతో నిమిత్తం లేకుండా నెల మొదటి తేదీన జీతం తెచ్చుకునే మార్గం అది.

ఆ మార్గం మన ఊళ్ళో 1916లో మొదలైంది. ఆ ఏడు అనంతపురంలో ప్రభుత్వ సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజి వచ్చింది. 1800లో నిజాం మన ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి ధారపోసినందువల్ల వచ్చిన పేరు అది. తెలుగులో దత్తమండలాలు అనేవారు. ఆ పేరు పోయి రాయలసీమ అన్న పేరు నిలిచింది 1928 నంద్యాల సభతో. ఆ పేరును ప్రతిపాదించిన చిలుకూరి నారాయణరావుగారు ఈ కళాశాలలో పనిచేసినవారే. ఇక్కడ చదివిన నీలం సంజీవరెడ్డిగారు 1931లో చదువు వదిలి స్వాతంత్ర్యోద్యమంలో చేరి, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, తరువాత రాష్ట్రపతి అయ్యారు. ఆయనకు డిగ్రీ అవసరం పడలేదు. మనబోటివాళ్ళకు డిగ్రీ తప్ప వేరే దిక్కు లేదు.

డిగ్రీ దాటి చదవాలంటే మాత్రం చాలాకాలం జిల్లా దాటవలసి వచ్చేది. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వాల్తేరు, అనంతపురం రెండు కేంద్రాలుగా ఉండాలని రాసుకున్నారు. 1948లో ఇంజనీరింగు కళాశాల అయితే ఇక్కడికి వచ్చింది గాని, విశ్వవిద్యాలయం 1954లో తిరుపతిలో వెలిసింది. 1968లో దాని పి.జి. కేంద్రం ఒకటి అనంతపురంలో తెరిచారు. అదే 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయింది. ఒడంబడికలో మాట అనుకున్నది మొదలు అనంతపురంలో సొంత విశ్వవిద్యాలయం వచ్చేదాకా నలభై నాలుగేళ్ళు పట్టింది. ఈ మధ్యకాలంలో చదివినవాళ్ళలో ఎక్కువమంది బి.ఏ.తోనో, బి.కాం.తోనో ఆగి ఉద్యోగాల వేటలో పడ్డారు. నేనూ అంతే.

మాది కళ్యాణదుర్గం తాలూకాలో ఒక పల్లె. నాయనకు పదకొండెకరాల మెరక పొలం ఉండేది. అన్న నాకంటే ఐదేళ్ళు పెద్ద. ఏడో తరగతితో చదువు మాని నాగలి పట్టాడు. బడిలో అన్నే నాకంటే చురుకు, ఈ మాట మా ఇంట్లో అందరూ ఎరుగుదురు. నేను ఎస్.ఎస్.ఎల్.సి. పాసయ్యేనాటికి 1965 కరువు ఇంటిని ఊడ్చిపెట్టింది. ఆ మరుసటి ఏడు నన్ను పి.యు.సి.లో చేర్చడానికి నాయన మూడెకరాలు అమ్మాడు. కరువు వెంబడే అమ్మకం గనుక వచ్చిన ధర అంతంతమాత్రం. కాగితం మీద నాయన వేలిముద్ర వేస్తే, పక్కన అన్న సంతకం చేశాడు. అప్పటికి ఇరవై రెండేళ్ళవాడు. కాదంటే కాదనగలిగిన వయసే. ఒక్క మాట అనలేదు.

1970లో డిగ్రీ చేతికొచ్చింది. మాకు ముందు తరంలో డిగ్రీ ఉంటే మంచి కొలువు ఖాయమనేవారు. మా కాలానికి ఎస్.ఎస్.ఎల్.సి. చాలే గుమాస్తా పోస్టుకు కూడా బి.ఏ.లు బారులు తీరారు. 1969లో పధ్నాలుగు బ్యాంకులు జాతీయమయ్యాక పల్లెల్లో శాఖలు పెరిగి కొందరు అటు వెళ్ళారు. ఇంకొందరు బి.ఇడి. చేసి బడిపంతుళ్ళయ్యారు. 1972 చివరి నుంచి ముల్కీ వివాదం, జై ఆంధ్ర ఉద్యమం, ఎన్జీవోల సమ్మె. కాలేజీలూ ఆఫీసులూ మూతపడ్డాయి. అంతా సద్దుమణిగాక 1973 చివర నాకు ఆర్డరు వచ్చింది. చేతికి రెండు వందల లోపే వచ్చేది. మొదటి జీతంలో వంద ఇంటికి పంపితే, నాయన ఆ మనియార్డరు రసీదును దేవుడి పటం వెనక పెట్టాడట.

ఆ ఉద్యమాల ఫలితమే 1973 సెప్టెంబరు నాటి ఆరుసూత్రాల పథకం, దానిని అనుసరించి 1975 అక్టోబరులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు. గుమాస్తా స్థాయి పోస్టుల్లో ఎనభై శాతం జిల్లా స్థానికులకే కేటాయించారు. అందువల్ల మనలో చాలామంది సర్వీసంతా సొంత జిల్లాలోనే చేశాం. దీనివల్ల ఒక మేలు, ఒక బాధ కలిగాయి. మేలు ఏమిటంటే తల్లిదండ్రులకు దగ్గరగా ఉండగలిగాం. బాధ ఏమిటంటే ప్రతి కరువూ మన బల్ల మీదికి కాగితమై వచ్చేది, ఆ కాగితంలో మనవాళ్ళ పేర్లుండేవి.

నాయన 1986లో పోయారు. రెండేళ్ళకు భాగాలు పంచుకున్నాం. మిగిలిన ఎనిమిదెకరాలు చెరి నాలుగు. న్యాయంగానే పంచారని పెద్దమనుషులన్నారు. నా చదువుకు పోయిన మూడెకరాల మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మరుసటి ఏడు నా భాగం అమ్మి అనంతపురంలో ఇంటి స్థలం కొన్నాను. ఇప్పుడు మేమున్నది ఆ ఇంట్లోనే.

ఆ లోపల జిల్లాలో వ్యవసాయమే మారిపోయింది. కొర్ర, సజ్జ, జొన్న తగ్గి శెనక్కాయ పెరిగింది. ఒక దశలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో అదే పంట. పండితే చేతికి రొక్కం, పదును తప్పితే విత్తనాల అప్పు కూడా తీరదు. పాత పంటలైతే కనీసం సంగటికీ పశువులకూ మిగిలేవి. 2002లో గట్టి కరువు వచ్చింది. పంట నష్టం జాబితాలు సరిచూసే పని నా సీటుకు పడింది. మా ఊరి జాబితాలో అన్న పేరు వచ్చింది. పేరుకు ఎదురుగా విస్తీర్ణం నాలుగెకరాలు, నష్టం నూటికి నూరు. టిక్కు పెట్టి కింది పేరుకు వెళ్ళవలసినవాణ్ణి, పెన్ను ఆగిపోయింది. పదకొండెకరాల ఇల్లు నాలుగెకరాలకు ఎలా దిగిందో ఆ ఆఫీసులో నాకొక్కడికే తెలుసు.

పెన్షను విలువ మనకు ఊరికే తెలియలేదు. 1983 ఫిబ్రవరిలో పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గించినప్పుడు, నెలాఖరున వేల మంది ఒక్కసారిగా ఇంటికి వెళ్ళారు. మా సెక్షనులోనే ఒక పెద్దాయన, కూతురి పెళ్ళి పెట్టుకున్నాయన, సాయంత్రం బల్ల సొరుగు ఖాళీ చేసుకుని వెళ్ళడం కళ్ళారా చూశాను. 1984లో మళ్ళీ 58 చేశారు. అంతకు కొద్దిముందే, 1982 డిసెంబరు 17న, నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను ప్రభుత్వ దయ కాదని, చేసిన సేవకు దక్కే హక్కని తేల్చింది. ఏటా ఆ తేదీన మనం పెన్షనర్ల దినం జరుపుకునేది అందుకే.

2007లో నా పెన్షను కాగితాలు నేనే తయారు చేసుకున్నాను. అర్హమైన సర్వీసు ఎంత, చివరి జీతం ఎంత, కమ్యుటేషను ఎంత అని లెక్కలు వేస్తుంటే, అన్న సర్వీసు లెక్కకట్టేవాళ్ళెవరన్న ప్రశ్న వచ్చింది. ఆయన చేసింది నాకంటే ఎక్కువే, పదమూడో ఏట నుంచి. కమ్యుటేషను డబ్బులో కొంత పట్టుకుని ఊరికి వెళ్ళాను. ఆ మూడెకరాల బాకీ అనుకొమ్మని ముందు పెట్టాను. అన్న నవ్వాడు. "ఆ మూడెకరాలు ఉండింటే వాటి మీద గూడా అప్పే చేసుండేవాళ్ళం. నువ్వు చదువుకుంటివి, చాల్లే" అన్నాడు. నేను లేవలేదు. వదిన లోపలి నుంచి వచ్చి, "మనవరాలు ఏడో తరగతి చదువుతాంది. దాని చదువుకని దాచిపెట్టు మరిదీ" అంది. అన్న అప్పుడు తలూపాడు. తానూ ఏడో తరగతితోనే ఆగాడని ఆయనకు గుర్తుందో లేదో, నేను అడగలేదు.

కళాశాలకు నూరేళ్ళు నిండిన 2016లో మా బ్యాచి వాళ్ళం పదిహేడు మందిమి ఒకచోట కలిశాం. రిటైరైన హెడ్మాస్టర్లు, బ్యాంకు ఆఫీసర్లు, ఆర్టీసీలో చేసినవారు, నాలాంటి గుమాస్తాలు, ఒక వకీలు. పిల్లలు బెంగుళూరు, హైదరాబాదు, అమెరికా. చాలామందికి పెద్ద ఇళ్ళు, ఇంట్లో ఇద్దరే మనుషులు. బి.పి. మాత్రల గురించి, డి.ఎ. బకాయిల గురించి మాట్లాడుకున్నాక నేనొక ప్రశ్న వేశాను. మనం హాస్టల్లో ఉండి చదివేటప్పుడు ఇంట్లో సేద్యం చేసిందెవరు? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక్కొక్కరే చెప్పారు. ఒకరికి అన్న, ఒకరికి మేనమామ. ఒకాయన చదువు అయ్యేదాకా అక్క పెళ్ళి మూడేళ్ళు ఆపారట. ఇంకొకాయన తల్లి పుస్తెలు కుదువబెట్టి పరీక్ష ఫీజు కట్టిందట. ఎవరి డిగ్రీ చూసినా, దాని వెనక పొలం పట్టాయో పుస్తెలతాడో ఉంది.

అన్న 2020లో కాలం చేశాడు. ఆ మనవరాలు శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం పరిధిలో డిగ్రీ పూర్తి చేసి, గ్రామ సచివాలయాలు వచ్చిన 2019లో ఉద్యోగం తెచ్చుకుంది. వేరే మండలంలో పోస్టింగు. 2024 జూలై నుంచి ఇంటింటికీ సామాజిక పింఛను పంచే బాధ్యత సచివాలయ సిబ్బందిది గనుక, మొదటి తేదీ తెల్లవారకముందే తయారవుతుంది. ఆ నెల నుంచి నాలుగు వేలకు పెరిగిన ఆ పింఛను మా ఊళ్ళో వదిన చేతికి వేరే ఎవరో ఇస్తే, అక్కడ ఎవరి అవ్వకో ఈ పిల్ల ఇస్తుంది. యాభై ఏళ్ళకు పైగా సేద్యం చేసిన చేతులకు చివరికి దక్కింది అదొక్కటే.

ఆ పిల్ల ఒకసారి, "తాతా, నీకొచ్చేటట్లు నాకూ వస్తుందా పింఛను?" అని అడిగింది. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవాళ్ళకు మన పద్ధతి లేదని, జీతంలో పది శాతం కోసి దాచే కొత్త పద్ధతి పెట్టారని, మార్కెట్టును బట్టి అది పెరుగుతుంది తరుగుతుందని చెప్పాను. "అయితే నాదీ వానను నమ్ముకున్నట్లే గదా" అంది. జవాబు చెప్పలేకపోయాను. మన హక్కుల గురించి సభల్లో మాట్లాడేటప్పుడు ఈ పిల్లల సంగతి కూడా ఎజెండాలో ఉండాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను.

ఇంకొక చిన్న మనవి. ఈ సంచికలో సభ్యుల ఫోటో, చదువు, చేరిన తేదీ, విరమించిన తేదీ వేస్తున్నారు. వాటి కింద ఇంకొక వరస ఉంటే బాగుంటుంది. మనం చదువుకునేటప్పుడు ఇంటి దగ్గర ఉండిపోయినవారెవరో రాయాలి. అన్నో, అక్కో, అమ్మో. వాళ్ళింట్లో ఇప్పుడు ఎవరు చదువుతున్నారో కూడా ఒకసారి కనుక్కోండి. చేయగలిగిన సాయం చేయడానికి మనకు నెలనెలా వచ్చేది ఉంది.

నా వివరాల కింద మా అన్న పేరు రాసి ఇచ్చాను. చదువు: ఏడో తరగతి. వృత్తి: సేద్యం. సర్వీసు: పదమూడో ఏట నుంచి డెబ్బై ఆరో ఏట వరకు.