గడియారానికి కరెంటు తెచ్చిన తంటా

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు కోరారు. సర్వీసంతా ఫైళ్లతో గడిపినవాణ్ణి. అయినా గడియారాల గురించి రాస్తున్నాను. అందుకు నా సొంత నష్టమే కారణం.

1979లో నేను ఎల్.డి.సి.ని. డిపార్ట్‌మెంటల్ టెస్టుకు జిల్లా కేంద్రానికి పోవాలి, తెల్లవారుజామున 5 గంటలకు బండి. ముందురోజు సాయంత్రమే అమెరికా నుంచి వచ్చిన మా బావగారు ఒక కరెంటు అలారం గడియారం ఇచ్చారు. దాని కోసం వోల్టేజి దించే ట్రాన్స్‌ఫార్మరు కూడా కొన్నాను. రాత్రి 10 గంటలకు టైము సరిచేసి, 4 గంటలకు అలారం పెట్టి పడుకున్నాను. అది మోగేసరికి బయట వెలుగు వస్తోంది. అసలు టైము 5 గంటల 12 నిమిషాలు! బస్సు పట్టుకొని చేరేసరికి హాలు తలుపులు మూసేశారు. మళ్లీ టెస్టు ఆరు నెలలకు. ఈలోగా నా జూనియరు పాసై యు.డి.సి. అయ్యాడు.

ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని మార్చింది గాని సైకిళ్లను మార్చలేదు. అమెరికా కరెంటు సెకనుకు 60 సైకిళ్లు, మనది 50. ఆ లెక్కన గడియారం గంటకు 10 నిమిషాలు వెనుకబడింది.

ఈ రకం గడియారాలకు ఆద్యుడు మసాచుసెట్స్‌కు చెందిన హెన్రీ వారెన్. కరెంటు సైకిళ్లతో సమంగా తిరిగే చిన్న మోటారును ఆయన తయారుచేశాడు. అయితే కరెంటే నిలకడగా లేకపోతే గడియారం ఏం చేస్తుంది? అందుకని 1916లో బోస్టన్ విద్యుత్ కేంద్రంలో ఒక పెద్ద గడియారం పెట్టించాడు. అందులో ఒక ముల్లు లోలకంతో, ఇంకొకటి ఆ కేంద్రం కరెంటుతో నడిచేవి. రెండూ విడిపోకుండా చూడటం ఆపరేటరు పని.

ఇంగ్లండు రైల్వే ఇంజనీరు షార్ట్ ఇందుకు విరుద్ధమైన దారి పట్టాడు. గడియారాన్ని నడిపించే తోపుడే దానికి శత్రువని ఆయన గ్రహించాడు. 1921లో ఎడిన్‌బరో వేధశాలలో పెట్టిన ఆయన గడియారంలో అసలు లోలకం గాలి తీసేసిన గొట్టంలో ఊగేది. చాకిరీ అంతా పక్కనున్న రెండో గడియారానిది. అసలుదానికి అర నిమిషానికొక చిన్న తోపుడు మాత్రమే. (మన ఆఫీసుల్లో ఆఫీసరూ గుమాస్తా ఏర్పాటు కూడా ఇటువంటిదే కదా!)

1927లో బెల్ లేబొరేటరీస్‌లో మారిసన్ స్ఫటిక గడియారం చేశాడు. అక్కడా ఇదే బాధ. వాల్వులకిచ్చే వోల్టేజి మారితే స్ఫటికం కంపించే వేగం కూడా రవ్వంత మారేది. నేటికీ కచ్చితమైన పరికరాల్లో స్ఫటికానికి విడిగా, ఒడిదుడుకులు వడగట్టిన కరెంటే ఇస్తారు. ఇళ్లలోని అంకెల గడియారాలకు ఆ భాగ్యం లేదు. కరెంటు అలలను లెక్కపెట్టి నడిచేవాటిలో, పక్కగదిలో మోటారు వేసినప్పుడు తీగలో పుట్టే కుదుపును కూడా ఒక అలగా లెక్కేసుకొని ముందుకు పరుగెత్తేవి ఉండేవి.

యూరప్‌వారు కూడా ఈ తంటా తప్పించుకోలేదు. 2018 జనవరి మధ్య నుంచి మార్చి మొదటి వారం దాకా 25 దేశాల్లో ఇటువంటి గడియారాలు దాదాపు ఆరు నిమిషాలు వెనుకబడ్డాయి. సెర్బియా, కొసావోల తగాదాలో గ్రిడ్‌కు చేరవలసిన 11 కోట్ల 30 లక్షల యూనిట్లు చేరలేదు. సగటు 50 నుంచి 49.996కు తగ్గింది, అంతే! లోటు పూడ్చి గడియారాలను సరిదిద్దేసరికి ఏప్రిల్ వచ్చింది.

1990లలో మన దక్షిణాది గ్రిడ్‌లో సాయంత్రం వేళ 49 కిందికి దిగడం మామూలే. 49 దగ్గర నిలిచినా గంటకు 72 సెకన్లు పోయినట్లే. 2013 డిసెంబరు 31న రాయచూరు - షోలాపూరు లైనుతో మన గ్రిడ్ దేశపు గ్రిడ్‌లో కలిసింది.

బావగారి గడియారం ఇప్పటికీ మా బీరువా మీద ఉంది. ఆనాటి జూనియరు మొన్న మా ఇంటికి వచ్చినప్పుడు చూపించాను. తిప్పి చూసి, వెనుక 60 అని రాసి ఉన్న చోట వేలు పెట్టి, "అప్పుడే చదువుకోవలసింది గురువుగారూ" అన్నాడు.